మూడు గంటల ఊరేగింపు

నడీన్ పనిచేసేది డేటన్ ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో. ఏ ఆపరేషన్ ఏ గదిలో ఎన్ని గంటలకు మొదలవ్వాలో, ఏ డాక్టరు తరవాత ఏ డాక్టరు రావాలో పట్టిక వేసేది ఆమే. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఆ పట్టిక చూసి అక్కడ ఎవరూ నవ్వరు. చేయి తిరిగిన సర్జన్లు కూడా ఆమె బల్ల దగ్గరకొచ్చి, "ఇవాళ నన్నెక్కడ పెట్టావు నడీన్?" అని అణకువగా అడిగి పోతారు.

ఫ్లోరిడాలో వినోదాల పార్కుకు వెళ్ళే ప్రయాణానికి కూడా ఆమె అలాంటి పట్టికే వేసింది. పదకొండు నెలలు పట్టింది. నీలం అట్ట ఫైల్లో, వానకూ చెమటకూ తడవకుండా ప్లాస్టిక్ కవర్లలో, రోజుకొక కాగితం. గేటు తెరవక ముందు ఎక్కడ నిలబడాలి, ఎండ నడినెత్తికొచ్చే వేళకు ఏ చల్లటి హాల్లో దూరాలి, చిన్నకూతురికి ఆకలేసే లోపు ఏ దుకాణం చేరాలి, అన్నీ అందులో ఉన్నాయి.

దానికో కారణం ఉంది. నడీన్‌కు తొమ్మిదేళ్ళప్పుడు ఆమె తండ్రి ఇంటిల్లిపాదినీ కార్లో కుక్కి, "పోదాం పదండి, వెళ్ళాక చూసుకోవచ్చు" అంటూ ఇదే ఫ్లోరిడాకు బయల్దేరాడు. రెండు రోజులు కారు నడిపి వెళ్తే పార్కు గేటు దగ్గర 'నిండిపోయింది, రేపు రండి' అని బోర్డు. మర్నాడూ అదే బోర్డు. పార్కింగ్‌లో నలుగురూ చూస్తుండగా అమ్మా నాన్నా ఒకరినొకరు తిట్టుకున్నారు. నడీన్, చెల్లెలు కొలీన్ వెనక సీట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కంచె అవతల తిరుగుతున్న రంగులరాట్నాన్ని చూస్తూ కూర్చున్నారు. అక్కణ్ణించే తిరిగి వచ్చేశారు. తన పిల్లలకు ఆ గతి పట్టనివ్వకూడదని నడీన్ అప్పుడే అనుకుందో, పెళ్ళయ్యాక అనుకుందో ఆమెకే తెలియదు.

ఆమె భర్త కర్టిస్ హైస్కూల్లో బేస్‌బాల్ నేర్పుతాడు. మనిషి సరదా మనిషి. దారిలో ఎక్కడ బోర్డు కనిపిస్తే అక్కడ కారాపి, "చూద్దాం, ఏముందో!" అనే రకం. పిల్లలకు వాళ్ళ నాన్నంటే ప్రాణం. పెద్దది టెస్సాకు పదిహేనేళ్ళు. చిన్నది మేబుల్‌కు ఏడు.

వాళ్ళు వెళ్ళింది ఫ్లోరిడాలో, ఆర్లాండోలోని బార్నబీ రేవు అనే పార్కుకి. అక్కడ రోజూ మధ్యాహ్నం మూడింటికి పడవల ఊరేగింపు జరుగుతుంది. చక్రాల మీద పది పడవలు వీధిలో కదిలొస్తాయి. మొదటి పడవలో గూడబాతు వేషంలో కెప్టెన్ బార్నబీ నిలబడతాడు. ఆయన పక్కన తెల్లటోపీ పెట్టుకుని ఒక పిల్లో పిల్లాడో గంట కొడతారు. వాళ్ళని చిన్న కెప్టెన్ అంటారు. రోజుకొక్కరే. మేబుల్ ఆ ఊరేగింపు వీడియోలు కొన్ని వందలసార్లు చూసింది. సోఫా ఎక్కి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, లేని గంట కొడుతుంది.

చిన్న కెప్టెన్‌గా మీ బిడ్డనే ఎందుకు ఎంచుకోవాలో రాయమంటారు పార్కువాళ్ళు. నడీన్ రాసింది: 'మా మేబుల్ రెండోది. అక్క విడిచిన గౌన్లే తొడుక్కుంటుంది. అక్క తొక్కి వదిలేసిన సైకిలే తొక్కుతుంది. ఏదైనా ఒక్కటి ముందుగా తనకే దక్కాలని నా కోరిక.' నాలుగు నెలలకు, మేబుల్‌ని ఎంచుకున్నామని జవాబొచ్చింది. జూన్ పదహారు, మంగళవారం. రెండుంపావుకల్లా ఐస్‌క్రీమ్ కొట్టు వెనకున్న పచ్చ తలుపు దగ్గర ఉండాలి. ఆలస్యమైతే ఆ చోటు వేరే బిడ్డకిస్తారు. ఆ సంగతి నడీన్ ఎవరికీ చెప్పలేదు. కర్టిస్‌కు కూడా. చెబితే అతని నోట్లో నువ్వుగింజ నానదు, గంటలో మేబుల్ చెవిన పడుతుంది. ఫైల్లో ఆ రోజు కాగితం మీద ఆ వేళకు ఒక చుక్క మాత్రం పెట్టుకుంది.

సోమవారం అంతా పట్టిక ప్రకారం నడిచింది. మధ్యాహ్నానికల్లా ఏడు సవారీలు ఎక్కారు, ఎక్కడా ఇరవై నిమిషాలకు మించి నిలబడలేదు. మధ్యలో ఒక చోట ముసలాళ్ళు నలుగురు బాంజో వాయిస్తుంటే కర్టిస్ ఆగిపోయాడు.

"ఒక్క పాట విందాం నడీన్."

"తిరిగొచ్చేటప్పుడు విందాం. ఇప్పుడు మనకి ఆరు నిమిషాలే ఉంది."

"ఆరు నిమిషాల్లో పాటైపోతుంది."

"నడవడానికే ఆరు, కర్టిస్."

టెస్సా తండ్రి వైపు చూసి కనుబొమ్మలెగరేసింది. అతను నవ్వు ఆపుకున్నాడు. నడీన్ చూసింది, చూడనట్టు నడిచింది.

సాయంత్రం హోటల్ ఈత కొలను దగ్గర టెస్సా తన ఫోను తల్లి చేతికిచ్చి నీళ్ళలో దూకింది. తండ్రీ కూతుళ్ళు ముగ్గురూ నీళ్ళు చల్లుకుంటూ కేరింతలు కొడుతున్నారు. నడీన్ ఒళ్ళోని ఫోను బుర్రుమంది. తెర మీద చెల్లెలు కొలీన్ పేరు. ఇంటి దగ్గర వాళ్ళ కుక్కను చూసుకుంటోంది కదా, దానికేమైనా అయిందేమోనని నడీన్ చూసింది.

'ఇవాళ జైలరమ్మ ఒంటేలుకి ఎన్ని నిమిషాలిచ్చింది?' అని ఉంది అందులో.

ఆ పైన ఇంకా ఉంది. అది ముగ్గురి గుంపు. కర్టిస్, టెస్సా, కొలీన్. దాని పేరు 'ఖైదీలు'. మూడేళ్ళ కింద పెట్టింది. నడీన్ ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదివింది. ఇల్లు కదిలే ముందు ఆమె రాసిన సామాన్ల జాబితా ఫొటో, కింద కొలీన్ నవ్వు బొమ్మలు. కార్లో ఒళ్ళో ఫైలు పెట్టుకుని నోరు తెరుచుకు నిద్రపోతున్న నడీన్ ఫొటో, కింద కర్టిస్ రాత: 'కాపలా నిద్రపోతోంది, పారిపోండి!' ఆ మధ్యాహ్నం రాసిందే మరొకటి: 'బాంజో వినే నేరానికి నాకు జీవితఖైదు.'

మొగుడు రాశాడంటే రాశాడు. కూతురు వయసు అలాంటిది. కానీ ఆ పార్కింగ్‌లో, ఆ వెనక సీట్లో, తన చెయ్యి పట్టుకుని కూర్చున్న కొలీన్! నడీన్‌కు ఏడుపు రాలేదు. ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టు చెవులు వేడెక్కాయి. ఫోను తువ్వాలు మీద బోర్లా పెట్టింది.

మర్నాడు పొద్దున హోటల్ ఫలహారశాలలో వాఫుల్స్ తింటూ కర్టిస్ అడిగాడు. "ఏంటి, ఇంకా తయారవలేదు? గేటు తెరిచే వేళవుతోందిగా."

"ఇవాళ మీ ఇష్టం," అంది నడీన్. "ఎప్పుడు బయల్దేరదామంటే అప్పుడే. ఏదెక్కుదామంటే అదే."

"ఒంట్లో బాగుందా?"

"బానే ఉంది. పదకొండు నెలలు నేను చూసుకున్నాను. ఈ ఒక్కరోజు మీరు చూసుకోండి."

టెస్సా "నిజంగానా అమ్మా!" అని గంతేసింది. కర్టిస్ లేచి వచ్చి భార్య నెత్తిన ముద్దు పెట్టాడు. "చూశారా పిల్లలూ, మీ అమ్మ బంగారం." ఆ మాటకు నడీన్ ఒళ్ళు మండింది. నీలం ఫైలు హోటల్ గదిలోనే ఉండిపోయింది. కాని పచ్చ తలుపు సంగతి గుర్తుంచుకోవడానికి ఆమెకు ఫైలు అక్కర్లేదు.

పదకొండింటికి పార్కు చేరారు. పెద్ద సవారీ దగ్గర వరస గంటా యాభై నిమిషాలు. నిలబడ్డారు. సగం దూరం వెళ్ళాక యంత్రం చెడిపోయిందని అందరినీ బయటికి పంపేశారు. ఎండకు టెస్సా భుజాలు కమిలాయి. తిండి కోసం వెతికి వెతికి, ఆఖరికి కార్న్ డాగ్‌ల బండి దగ్గర ముప్పావుగంట నిలబడ్డారు. కర్టిస్ పెద్దకూతుర్ని కసిరాడు, టెస్సా ఎదురు చెప్పింది. నడీన్ పల్లెత్తు మాట అనలేదు. లోపల ఎక్కడో చల్లగా ఉంది ఆమెకు. ఆ చల్లదనానికి సిగ్గు కూడా పడింది, పడుతూనే దాన్ని వదల్లేదు.

ఒంటిగంటన్నరకు వీధి మలుపులో నేల నుంచి నీళ్ళు చిమ్మే చోటొకటి కనిపించింది. ఆమె పట్టికలో అలాంటిది లేదు. మేబుల్ ముందు ఒక వేలు పెట్టింది, తరవాత కాలు, తరవాత బూట్లతో సహా మొత్తం దూరింది. కర్టిస్ కూడా దూరాడు. టెస్సా పోట్లాట మరిచిపోయి వాళ్ళ వెనకే పరిగెత్తింది. ముగ్గురూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. మేబుల్ నవ్వుతూ నవ్వుతూ ఎక్కిళ్ళు తెచ్చుకుంది. పార్కులో ఈ రెండు రోజుల్లో ఆ పిల్ల అలా నవ్వడం ఇదే మొదలు. ఆ మాట నడీన్ తనకు తానే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మనసు మెత్తబడాలి. పడలేదు. 'నేను లేకపోతేనే వీళ్ళకు బాగుంది' అనుకుంది, అనుకుని బెంచీ మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంది.

రెండయింది. అక్కణ్ణించి పచ్చ తలుపుకి నడక ఎనిమిది నిమిషాలు.

'అడిగితే చెబుతాను' అనుకుంది. 'నువ్వేమనుకున్నావు నడీన్ ఇవాళ్టికి, అని ఒక్క మాట ఎవరైనా అడిగితే చాలు. చెప్పేస్తాను.'

రెండూ ఏడుకు కర్టిస్ తడిసి ముద్దై వచ్చి పక్కన కూలబడ్డాడు. చేతి గడియారం చూసి, నవ్వి, భార్యను మోచేత్తో పొడిచాడు.

"ఏమే, నీ లెక్క ప్రకారం అయితే ఈపాటికి మనం ఎక్కడ చావాలి?"

అడిగాడు. అడగనైతే అడిగాడు. ఆమె నోటిదాకా వచ్చింది. కాని అతని కళ్ళు అప్పుడే టెస్సా కళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాయి. టెస్సా అక్కణ్ణించే కిసుక్కుమంది.

"ఎక్కడా లేదు," అంది నడీన్. "ఇవాళ ఖాళీయే."

రెండుంపావు అయింది. రెండూ ఇరవై అయింది. మేబుల్ గౌను పిండుకుంటూ వచ్చి తల్లి ఒళ్ళో తడి తల పెట్టింది. నడీన్ ఆ జుట్టు తువ్వాలుతో తుడిచింది. ఇప్పుడు పరిగెత్తినా లాభం లేదని తెలిశాక గాని ఆమెకు తను చేసిన పనేమిటో తలకెక్కలేదు.

మూడింటికి పడవలు వచ్చాయి. మేబుల్ తండ్రి భుజాలెక్కింది. మొదటి పడవలో పసుప్పచ్చ గౌను వేసుకున్న పిల్ల, తెల్లటోపీ చెవుల మీదకు జారుతుంటే, బెదురు చూపులు చూస్తూ గంట కొడుతోంది.

"ఆ పాప ఎవరు నాన్నా?"

"ఎవరో అదృష్టవంతురాలు."

"ఆ అమ్మాయికి సెల్యూట్ చెయ్యడం రాదు. చెయ్యి అలా కాదు పెట్టేది." మేబుల్ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, పడవ మలుపు తిరిగేదాకా దించలేదు. "వాళ్ళని ఎలా ఎంచుతారమ్మా?"

"నాకు తెలీదు," అంది నడీన్.

గురువారం తిరుగు ప్రయాణమయ్యారు. జార్జియాలో మేకన్ దాటాక నడీన్ కారు నడుపుతోంది. ఆమె ఫోను మోగింది. కర్టిస్ చెయ్యి చాపి మీట నొక్కాడు. గొంతు కారంతా వినిపించింది.

"నమస్కారమండీ, మేబుల్ వాళ్ళ అమ్మగారేనా? బార్నబీ రేవు నుంచి మాట్లాడుతున్నాను. మంగళవారం మీ పాప కోసం చాలాసేపు చూశామండీ. ఒంట్లో బాగోలేదా ఏంటి? పాపం, చిన్న కెప్టెన్ అవకాశం తప్పిపోయింది. తన పేరు కుట్టిన టోపీ మా దగ్గరే ఉంది, పోస్టులో పంపమంటారా?"

"పంపండి," అంది నడీన్. ఫోను ఆగిపోయింది.

కర్టిస్ ఆమె వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మంగళవారం నువ్వు అక్కడే కూర్చున్నావు. బెంచీ మీద. నోరు విప్పలేదేం?"

"జైలరమ్మ ఖైదీలకి అన్నీ చెప్పదు."

టెస్సా మొహం ఎర్రగా అయింది. "అది ఊరికే జోకమ్మా. నిజంగా జోకే," అంది.

"నా మీద కోపం ఉంటే నన్నడగాలి," అన్నాడు కర్టిస్ పళ్ళ బిగువున. "పసిదాని నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

"లాగేశాను," అంది నడీన్. "మూడేళ్ళు మీరు నవ్వుకున్నారు. నేనొక్క పూట ఊరుకున్నాను. రెండూ తప్పే. నాది ఎక్కువ తప్పు, నాకు తెలుసు. నువ్వు చెప్పక్కర్లేదు."

వెనక సీట్లో నుంచి మేబుల్ ముందుకు వంగింది. పెద్దవాళ్ళ మాటల్లో ఆ పిల్లకు అర్థమైంది ఒక్కటే.

"ఆ పసుప్పచ్చ గౌను పాప ఉన్న చోట నేనుండాలా?"

"అవునమ్మా."

మేబుల్ ముందు అద్దంలో తల్లి కళ్ళలోకి చూసింది. "నేనేం చేశాను?"

నడీన్ కారు రోడ్డు పక్కకు తీసి ఆపింది. దిగి, వెనక తలుపు తెరిచి, కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. "నువ్వేం చెయ్యలేదు తల్లీ. అమ్మకు వేరేవాళ్ళ మీద కోపమొచ్చింది. నీకు చెప్పలేదు. తప్పు చేసింది," అంది. మేబుల్ తల ఊపింది, ఏడవలేదు. తల్లి దగ్గరికి తీసుకుంటే రానైతే వచ్చింది గాని, చేతులు తన ఒళ్ళోనే ఉంచుకుంది.

కర్టిస్ ఆ గుంపు తీసేశాడు. కొలీన్ రెండుసార్లు ఫోను చేసింది, నడీన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి కుక్క సంగతి మాట్లాడి పెట్టేసింది. మొగుడూ పెళ్ళాలు మర్యాదగా ఉన్నారు, అంతకు ముందెన్నడూ లేనంత మర్యాదగా. వారం తరవాత టోపీ వచ్చింది. మేబుల్ పెట్టె విప్పి, బంగారు దారంతో కుట్టిన తన పేరు మీద వేలు పెట్టి చదువుకుని, మళ్ళీ కాగితంలో చుట్టి, మూత పెట్టేసింది.

ఆ తరవాత వాళ్ళు ఎక్కడికి బయల్దేరినా, తాతగారింటికైనా సరే, ఊళ్ళో సినిమాకైనా సరే, మేబుల్ బూట్లు తొడుక్కుని తల్లి దగ్గరకొచ్చి నిలబడేది.

"అమ్మా, ఇవాళ నాకు చెప్పనిదేమైనా ఉందా?"

"ఏం లేదమ్మా," అనేది నడీన్.

ఆ పిల్ల నమ్మేది కాదు. అక్కవైపు తిరిగి, నాన్నవైపు తిరిగి, వాళ్ళను కూడా అదే మాట అడిగి గాని గుమ్మం దాటేది కాదు.