దులిపిన చొక్కాలు

బట్టలు నానబెట్టే ముందు దులపాలి. మా అత్తయ్య లక్ష్మీకుమారి నాకు నేర్పిన మొదటి పని ఇది. బీటెక్ సివిల్ చదివి, నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు పాఠాలు చెప్పి వచ్చిన నన్ను, కాపురానికొచ్చిన నాలుగో రోజు పెరట్లో నిలబెట్టి మరీ చూపించింది. "దులపకుండా నీళ్ళలో వేస్తే మట్టంతా బురదై బట్టకే పట్టుద్ది అమ్మాయ్. కాలరు పట్టుకుని, ఇదిగో, ఇలా." టప్పున చప్పుడు. వెనకే దగ్గు. ఎంత మామూలుగా దగ్గిందంటే, అది కూడా నేర్చుకోవాల్సిన పద్ధతేమో అనుకున్నాను.

పన్నెండేళ్ళు దులిపాను. వాషింగ్ మెషిన్ వచ్చాక కూడా దులిపాను, లోపలికి మట్టి వెళ్తే మెషిన్ పాడైపోతుందట. మెషిన్ ఆరోగ్యం అంటే ఈ ఇంట్లో అందరికీ శ్రద్ధే. ఈ శనివారం పొద్దున మాత్రం మా ఆయన చొక్కా కాలరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. భుజాల మీద, జేబు మడతల్లో బూడిద రంగు పొడి. నిన్న పాత గోడౌన్ కప్పెక్కి, రేకులు నాలుగు పగలగొట్టించి చూసొచ్చిన చొక్కా అది. చెయ్యి లేవలేదు.

"ఇంకా ఉతకలేదా? సోమవారానికి అదే చొక్కా కావాలి" అన్నాడు మా ఆయన రాజేంద్రప్రసాద్, వెనక గుమ్మంలోంచి. "టేబుల్ మీద కాగితం పెట్టాను. నాలుగింటికి వచ్చి పట్టుకెళ్తా. సంతకం పెట్టి ఉంచు."

సంతకం సంగతి చెప్పాలి. మా ఆయన కాంట్రాక్టరు. కాగితాల మీద మాత్రం కాంట్రాక్టరు నేను. ఆయన చదువు మధ్యలో ఆపేశాడు, రిజిస్ట్రేషన్‌కేమో ఇంజనీరు కావాలన్నారు. ఇంట్లో ఇంజనీరు ఉంది, వంట చేస్తోంది, ఇంకేం కావాలి! "ఒకరి దగ్గర ఉద్యోగమెందుకు సిరీషా, మన కంపెనీకి నువ్వే ఓనరువి" అన్నారు అందరూ కలిసి. ఓనరునే మరి. ఇడ్లీ ప్లేటు పక్కన కాగితాలు పెట్టి వేలితో చూపిస్తాడు, "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అని. చదవబోతే, "చట్నీ ఏది?" అంటాడు. "మా కోడలి సంతకం ముత్యాల్లా ఉంటుందండీ" అని మావయ్యగారు ఇంటికొచ్చిన వాళ్ళకి చెప్పి మురిసిపోతారు. ఆ ముత్యాలు ఏ కాగితం మీద రాలుతున్నాయో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అదీ నిజమే.

ఇప్పటి కాగితం బిచ్కుంద రోడ్డు మీది పాత గోడౌన్‌ది. దాన్ని కూలగొట్టి దుకాణాల సముదాయం కడతారు, కూలగొట్టే పని మాకు వచ్చింది. పని మొదలుపెట్టే ముందు అనుమతి కోసం ఇచ్చే ఆ కాగితంలో ఒక ప్రశ్న ఉంది: పాత కట్టడంలో ప్రమాదకరమైన పదార్థాలు ఉన్నాయా, లేవా? 'లేవు' దగ్గర మా ఆయన పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంచాడు. దాని మీద నేను పెన్నుతో దిద్దాలి, పలక మీద ఓనమాలు దిద్దినట్టు.

కానీ ఉన్నాయని నాకు తెలుసు. నిరుడు హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణ పెట్టి, కంపెనీ ఎవరి పేరున ఉందో వాళ్ళే రావాలన్నారు. రెండు రోజులకీ సరిపడా పులుసులూ పచ్చళ్ళూ ఫ్రిజ్‌లో సర్దిపెట్టి వెళ్ళాను. అక్కడ చెప్పారు: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే పీచు ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం పేచీ లేదు. కోసినా, పగలగొట్టినా, ఆ పొడిని పొడిగానే ఊడ్చినా పీచు గాల్లోకి లేస్తుంది. కంటికి ఆనదు. ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుంది, ఇరవై ముప్పై ఏళ్ళకి తన పని చూపిస్తుంది. అందుకే రేకుల్ని తడిపి, పగలకుండా మరలు విప్పి దించాలి, ప్లాస్టిక్‌లో చుట్టి పంపాలి, ఆ పనిలో వేసుకున్న బట్టలు ఇంటికి పట్టుకెళ్ళకూడదు. చిట్టచివర ఒక ముసలావిడ ఫోటో చూపించారు. ఏ దేశమో గుర్తులేదు. ఆవిడ ఏ ఫ్యాక్టరీలోనూ అడుగు పెట్టలేదట. మొగుడి బట్టలు ఉతికిందట, అంతే.

వచ్చి ఇంట్లో చెప్పాను. మా ఆయన పొలమారేంత నవ్వాడు. "మా నాన్న ఇదే బాన్సువాడలో రేకుల దుకాణం పెట్టి, రంపంతో కోసి కోసి అమ్మాడు. గుండ్రాయిలా లేడూ?" మావయ్యగారు హరనాథబాబు ఆ పూట గుండ్రాయిలాగే కూర్చుని రెండోమారు పెరుగు వేయించుకుంటున్నారు. నిజమే, ఆయనకేం కాలేదు. ఏమైనా అయిందా అని మేం చూడాల్సిన మనిషి వంటింట్లో దగ్గుతోంది. అప్పుడు నాకూ తట్టలేదు.

మొన్న గురువారం తట్టింది. పదేళ్ళుగా ఉబ్బసం, ఉబ్బసం అని సిరప్పులు తాగించిన అత్తయ్యని, నాలుగు మెట్లెక్కి కూలబడిపోతుంటే, నిజామాబాద్ తీసుకెళ్ళాం. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ మొహం మారింది. "ఊపిరితిత్తుల చుట్టూ పొర దళసరి కట్టిందండీ. రేకుల ఫ్యాక్టరీ, అలాంటి చోట ఎక్కడైనా పనిచేశారా ఈవిడ?"

అత్తయ్య నోరు తెరిచేలోగా మావయ్యగారు నవ్వారు. "ఆవిడా! ఆవిడేం పని చేసిందండీ. పెళ్ళయిన దగ్గర్నించీ ఇంట్లోనే కూర్చుంది."

డాక్టరమ్మ రాసుకుంది. పని: లేదు.

నేను పక్కనే ఉన్నాను. ఆ ఫోటో, ఆ ముసలావిడ, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. అయినా నోరు పెగల్లేదు. నలుగురిలో మావగారి మాటకి అడ్డెళ్ళడం మర్యాద కాదు కదా. నా మర్యాద తగలెయ్య! అత్తయ్య తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది, అవి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో తెలియనట్టు.

తిరిగి వస్తుంటే, మగవాళ్ళిద్దరూ కారు ముందు సీట్లలో వరి కోతల గురించి మాట్లాడుకుంటున్నారు. రుద్రూర్ దాటాక అత్తయ్య నా వైపు ఒరిగి మెల్లగా అంది. "ఆయన చొక్కా దులిపితే పొగలా లేచేది అమ్మాయ్. ఓసారి వంటింటి గుమ్మం దగ్గర దులుపుతుంటే కేకలేశారు, అన్నంలో పడుద్ది, అవతలికెళ్ళి దులుపు అని. అప్పట్నించీ పెరట్లోకెళ్ళి దులిపేదాన్ని."

అంతే, కళ్ళు మూసుకుంది. అన్నంలో పడకూడని దుమ్ము మనిషి ముక్కులో పడొచ్చా? ఈ ప్రశ్న ముందు సీటుకి వినపడేలా అడగలేదు. లోపల్లోపల అడుక్కుంటూ ఇంటిదాకా వచ్చాను.

అందుకే ఇవాళ ఆ చొక్కాని దులపకుండా, మెల్లిగా బకెట్ నీళ్ళలో ముంచేశాను. చేతులు కడుక్కుని, టేబుల్ మీది కాగితం సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి గోడౌన్‌కి వెళ్ళాను. ఓనరునై పన్నెండేళ్ళయినా, నేను సైటుకి వెళ్ళడం ఇది నాలుగోసారో ఐదోసారో. వెళ్ళిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టడానికే.

లోపల ముగ్గురు ఆడవాళ్ళు నిన్న పగిలిన రేకుల పొడిని ఊడుస్తున్నారు. పైన రేకులు తీసిన చోట ఎండ పడుతోంది. ఆ ఎండలో తెల్లగా దుమ్ము తిరుగుతోంది. మూతులకి కొంగులు చుట్టుకున్నారు. మేస్త్రి వెంకట్రాములు నన్ను చూసి బీడీ పారేశాడు. "మేడం, మీరొచ్చిండ్రేంది? సారు చెప్పకపాయె."

నేను క్లాసులోలాగా మొదలుపెట్టాను. వెట్ మెథడ్‌లో చేయాలి, డస్ట్ లేవకుండా చూడాలి, ఇంకా ఏదేదో. ముగ్గురూ తలూపారు, వెనక బెంచీ పిల్లలు ఊపినట్టు. ఊపుతూనే ఊడుస్తున్నారు. విసుగొచ్చి, "అది కాదమ్మా, కళ్ళాపి చల్లి ఊడవండి" అన్నాను.

వాళ్ళలో పెద్దది, లచ్చి, చీపురు ఆపింది. "కల్లాపంటే ఏంది మేడం?"

మా తాతలు కోస్తా నుంచి కాలవ నీళ్ళకోసం ఇక్కడికి వస్తూ మాటలు కూడా మూట కట్టుకొచ్చారు. నేనూ ఈ గడ్డ మీదే పుట్టాను, ఇంకా ఆ మూటలోవే వాడుతున్నాను. "అదే, పొద్దున్నే ముగ్గేసే ముందు వాకిట్లో నీళ్ళు చల్లుతారు చూడు..."

"ఓ, సాన్పా!" లచ్చి నుదురు కొట్టుకుంది. "గట్ల చెప్పరాదు మేడం! సాన్పు సల్లకుండ ఏ ఆడిదన్న ఊడుస్తదా? దుమ్ము లేవద్దనే గదా సల్లేది. నేను పొద్దుగాలనే అడిగిన. గీ మేస్త్రే వద్దన్నడు."

"నాదేమున్నది మేడం" అన్నాడు వెంకట్రాములు. "ట్యాంకర్ నీళ్ళు ఊకె పారబొయ్యద్దని సారే చెప్పిండు."

రెండు రోజుల శిక్షణ, సర్టిఫికెట్, దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించడం. అంత చేసి నేను నేర్చుకున్నది లచ్చికి చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసి, అడిగింది కూడా. వద్దన్నది మేము. నాకు సిగ్గేసింది, నిజంగా తలెత్తలేకపోయాను.

"ఇంటికెళ్ళి ఏం చేస్తావ్ లచ్చీ?" అని అడిగాను.

"ఏం జేస్త మేడం. కొంగు దులుపుకొని పొయ్యి ముట్టిచ్చుడే."

గోడ పక్కన ఒక పాత గుడ్డలో పగిలిన రేకు ముక్కలు మూట కట్టి ఉన్నాయి, లచ్చి తన కోళ్ళ గూటి మీద కప్పుకుంటుందట. ఇంక స్లైడ్లూ ఇంగ్లీషూ పక్కన పెట్టి, మా అత్తయ్య సంగతి చెప్పాను. ఇదే దుమ్ము అని, ఇలాగే దులిపిందని, ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కలేకపోతోందని. లచ్చి మూట వైపు కాసేపు చూసి, కాలితో అవతలికి నెట్టింది. "మాకెవ్వలు చెప్పలే మేడం" అంది. కోపం కూడా లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

నీళ్ళు చల్లించి, పొడి అంతా తడిసి ముద్దయ్యాక సంచుల్లోకి ఎత్తించాను. వెంకట్రాములుతో, "సోమవారం కప్పు ముట్టుకోవద్దు. నేను చెప్పేదాకా" అన్నాను.

"సారును అడుగుత మేడం."

"అడుగు. కాగితం మీద ఉన్నది సారు పేరు కాదు, నా పేరని కూడా చెప్పు."

ఆటో సగం దూరం రాకముందే మా ఆయన ఫోను. "ఎవరు పొమ్మన్నారు నిన్ను సైటుకి? కూలీల ముందు పరువు తీశావ్! 'ఉన్నాయి' అని రాస్తే పని ఎప్పటికి మొదలవుద్దో తెలుసా నీకు? ఊళ్ళో సగం ఇళ్ళ మీద ఆ రేకులే. ఎవరు చచ్చారు?"

"అత్తయ్యకి..." అన్నాను.

"మా అమ్మది ఉబ్బసం. నువ్వు డాక్టరువి కాదు. నాలుగింటికొస్తా." పెట్టేశాడు.

ఇంటికొచ్చి కూర వేడి చేశాను. మావయ్యగారికి వడ్డించాను. ఆవకాయ అడిగితే ఆవకాయ తెచ్చాను, గిన్నెలు కడిగాను, పొయ్యి గట్టు తుడిచాను. రేపటినుంచి ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా అది గిన్నెలకో గోడలకో చెబుతున్నట్టుంటుంది. అన్నీ తెలుసు. తలుచుకుంటేనే నడుం లాగేస్తోంది. ఆయన చెప్పినట్టు దిద్దేస్తే ఈ సాయంత్రం హాయిగా గడిచిపోతుంది కూడా. మూడున్నరకి సంచిలోంచి కాగితం తీసి టేబుల్ దగ్గర కూర్చున్నాను.

ముందు పెన్సిల్ టిక్కు రబ్బరుతో చెరిపేశాను. 'ఉన్నాయి' దగ్గర పెన్నుతో పెట్టాను. రేకులెన్నో, ఎలా తడపాలో, ఎలా దించాలో, పనివాళ్ళు బట్టలు ఎక్కడ మార్చుకోవాలో రాశాను. కింద ఇంకో గడి ఉంది: ఈ పదార్థం తగిలినవారి పేరు, చేసిన పని, ఎంతకాలం. మామూలుగా అయితే అక్కడ 'వర్తించదు' అని రాస్తాం. లచ్చి పేరు రాశాను, మిగతా ఇద్దరి పేర్లూ రాశాను. పెన్ను అక్కడ ఆగలేదు. సిరీష, బట్టలు ఉతకడం, పన్నెండేళ్ళు. లక్ష్మీకుమారి, బట్టలు ఉతకడం, ముప్పై ఏళ్ళు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా ఒకసారి చదువుకుని, అప్పుడు సంతకం పెట్టాను.

అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఊపిరి కుదుటపడ్డాక, "ఏంటమ్మాయ్ అంతసేపు రాస్తున్నావ్?" అంది.

కాగితం ఆవిడ వైపు తిప్పాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. తన పేరు దగ్గర వేలు ఆగింది. "నా పేరెందుకు ఇందులో?"

"మీరు చేసిన పని రాశాను అత్తయ్యా."

"ఇది పనా?"

"పనే."

బయట గేటు దగ్గర కారు హారను మోగింది. హాల్లోంచి మావయ్యగారు కాఫీ కోసం పిలిచారు. అత్తయ్య లేవబోయి, మళ్ళీ కూర్చుంది. వేలు మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది.

"ముప్పై తప్పు" అంది. "ముప్పై నాలుగు. దిద్దు అమ్మాయ్."