ఇంటికి రాగానే మూసెయ్యాలి

స్విష్టోవ్‌లో, నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, సెప్టెంబరు వచ్చిందంటే ప్రతి బాల్కనీలోనూ మిరపకాయలు కాలుతుంటాయి. కారం లేని లావు ఎర్ర కాయలు, చలికాలానికి సీసాల్లో నిలవ పెట్టుకోవడానికి, బస్తాల కొద్దీ. ఆ పొగ ఆరేసిన దుప్పట్లకు, కర్టెన్లకు, మనుషుల జుట్టుకు పట్టేస్తుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ గురువారం పొద్దున వెనెటా కూడా తన నాలుగో అంతస్తు బాల్కనీలో కాయలు కాలుస్తూనే ఉంది గానీ మనసు వాటి మీద లేదు. అప్పటికే రెండు వాయిలు మాడ్చేసింది. యాభై ఏళ్ళుగా కాయలు కాల్చిన చెయ్యి అది, మాడ్చడం ఎరగదు.

కారణం, వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా కింద పెట్టిన కాగితం. ఇంటర్నెట్ కంపెనీ పంపింది. "మీ ఇంట్లోని రౌటర్ నుంచి ఇతరుల మీదికి దాడులు జరుగుతున్నాయి. శుక్రవారం లోగా దాన్ని మార్చుకోకపోతే లైను నిలిపివేస్తాం" అని ఉంది అందులో.

"దాడులట!" అంది వెనెటా, రెండో అంతస్తు నుంచి ఖాళీ సీసాలు పట్టుకొచ్చిన పావ్లీనాతో. "బాల్కనీలోంచి తివాచీ దుమ్ము కూడా కిందికి దులపలేదే నేను ఏనాడూ!"

"ఎందుకు దులపలేదూ! తొంభై ఎనిమిదిలో నా పెటూనియా మొక్కల మీద దులిపావు."

"అది గాలి."

"సర్లే. కొత్త డబ్బా పెట్టించుకుంటే పోయేదానికి ఎందుకే అంత మొహం మాడ్చుకుంటావు?"

వెనెటా పొయ్యి మీది కాయను తిప్పింది. ఎందుకో పావ్లీనాకు చెప్పినా అర్థం కాదనుకుంది.

ఆ రౌటర్ డబ్బా పెట్టింది ఆమె భర్త గాంచో. రేడియోలు, టీవీలు బాగుచేసే మనిషి. పోయి ఈ శనివారానికి మూడేళ్ళు. గుండె జబ్బు మొదలయ్యాక ఆయన మెట్లు దిగడం మానేశాడు. వెనెటా సంతకెళితే, ఎప్పుడొస్తుందా అని కిటికీ దగ్గర కూర్చునేవాడు. అదీ విసుగొచ్చి, ఇంట్లో వైఫైకి "వెనెటా వచ్చింది" అని పేరు పెట్టాడు. రౌటర్‌ను తలుపు పక్కన గూట్లోకి మార్చి, దాని వెనక బానిత్సా, అంటే జున్ను పొరల రొట్టె, కాల్చే అల్యూమినియం పళ్ళెం నిలబెట్టాడు. సిగ్నల్ మెట్ల వైపు తిరగాలని. పళ్ళెం కోసం ఆ రోజు పెద్ద గొడవే అయింది లెండి. కానీ పని చేసింది. వెనెటా సంచులతో రెండో అంతస్తుకు చేరగానే ఆమె ఫోను "టింగ్" మని ఆ పేరు చూపించేది. ఆమె ఫోను వచ్చి కలిసిందని పైన ఆయన బల్ల మీది ఫోనూ "టింగ్" మనేది. ఆయన లేచి పొయ్యి మీద కాఫీ పెట్టేవాడు. మిగిలిన రెండంతస్తులూ ఎక్కేసరికి తలుపు సందులోంచి కాఫీ వాసన వచ్చేది.

ఇప్పుడు కాఫీ లేదు. కానీ "టింగ్" ఉంది. ఈ మూడేళ్ళూ వెనెటా రెండో అంతస్తులో సంచులు కింద పెట్టి, ఆ చప్పుడు విని, అప్పుడే పైకెక్కేది. డబ్బా పోతే అదీ పోతుంది. ఆమె భయమంతా అదే.

పదిన్నరకు తలుపు తట్టిన చప్పుడైంది. కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి. భుజాన సంచి, చేతిలో ఫోను.

"వెనెటా పిన్నీ, నమస్కారం. నా పేరు తిహోమిరా. మీరు తలుపు తియ్యకముందే నేను మీ ఇంట్లోకి వచ్చేశాను" అంటూ ఫోను చూపించింది. తెర మీద "వెనెటా వచ్చింది" అని ఉంది.

వెనెటా ఆ ఫోను లాక్కుని చూసింది. "పాస్‌వర్డ్ ఎవరు చెప్పారు నీకు? పావ్లీనా, నువ్వేనా?"

"నా మీదే పడతావు ఎప్పుడూ!"

"ఎవరూ చెప్పలేదు పిన్నీ. కింద ద్వారం మీద చదివాను."

కింద ద్వారం మీద ఏముంది? గాంచో ఉన్నాడు. నలభై రోజులకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి, ఇంటింటా అంటించినట్టే వెనెటా కూడా అంటించిన స్మరణ పత్రాలు. ఫోటో, పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. పాత కాగితం వాన కొట్టి చిరిగేలోపు కొత్తది అంటించేది. శనివారానికి అంటించాల్సిన మూడేళ్ళ కాగితం కూడా అచ్చై బీరువా మీద ఉంది.

"గాంచో, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంది" అంది తిహోమిరా. "మీరొక్కరే కాదు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో పోయినవాళ్ళ పేరే పాస్‌వర్డ్. ఆ సగం ఇళ్ళ ద్వారాల మీదా అదే అంటించి ఉంటుంది."

వెనెటా కుర్చీలో కూలబడింది. "నా చేత్తో నేనే జిగురు పూసి అంటించానా తాళంచెవిని!"

"బాధపడకండి. దాడులకు కారణం ఇదొక్కటే అయుండదు. చూద్దాం."

అమ్మాయి బల్ల దగ్గర కూర్చుంది. వెనెటా ఆమె ముందు కాల్చిన మిరపకాయలు, వెల్లుల్లి, తెల్ల జున్ను పెట్టింది. ఆకలి లేదంటూనే అమ్మాయి తినడం మొదలుపెట్టింది.

"నువ్వు దిమో కూతురివి కదూ, రేవు దగ్గర?" అంది వెనెటా ఆమె దవడ చూసి. "మీ టీవీలోంచి మా ఆయన ఎలక పిల్లల్ని తీశాడు. ఐదు. చెప్పుల డబ్బాలో పెట్టి పట్టుకొచ్చాడు ఇంటికి, చలికి చస్తాయని."

"మా నాన్న ఇప్పటికీ చెబుతాడు ఆ కథ" అని నవ్వి, అమ్మాయి మళ్ళీ తెర వైపు తిరిగింది. కాసేపటికి నవ్వు తగ్గింది.

"పిన్నీ, ఈ రౌటర్ తయారు చేసినవాళ్ళు దీన్ని వదిలేసి ఐదేళ్ళైంది. లోపలి ప్రోగ్రాంలో కన్నాలు బయటపడితే పూడ్చే మందు పంపుతుంటారు. దీనికి ఇక పంపరు. అయినా అదే పెద్ద సంగతి కాదు. దీని సెట్టింగులున్న గదికి బయటి నుంచి రావడానికి ఒక తలుపుంటుంది. మామూలుగా ఎవరి ఇంట్లోనైనా అది మూసే ఉంటుంది. మీది బార్లా తెరిచి ఉంది. ఎక్కడో ఉన్న దొంగ ప్రోగ్రాములు రోజంతా ఊళ్ళన్నీ తిరుగుతూ తలుపులు తోసి చూస్తుంటాయి. ఇది తెరిచి కనబడింది, వచ్చి కూర్చున్నాయి. ఇక్కడి నుంచే ఇతరుల మీదికి చెత్త విసురుతున్నాయి."

"ఒకసారి ఆపి మళ్ళీ పెడితే?"

"ఆపితే పోతాయి. గంటలో మళ్ళీ వస్తాయి. తలుపు తెరిచే ఉందిగా." తిహోమిరా తల గోక్కుంది. "నాకు అర్థం కానిది ఒకటే. ఈ తలుపు దానంతటదే తెరుచుకోదు. తెలిసిన మనిషి పని. గాంచో బాబాయి లాంటి వాడు ఎందుకు తెరిచాడు?"

"మా ఆయన తప్పు పని చెయ్యడు" అంది వెనెటా, కాస్త గట్టిగానే.

అమ్మాయి లేచి గూట్లోంచి డబ్బాను జాగ్రత్తగా తీసింది. వెనక ఉన్న పళ్ళెం కింద పడి గణగణమంది. డబ్బాను తిరగేసి చూసి, వెనెటా చేతిలో పెట్టింది.

అడుగున తెల్ల పట్టీ అంటించి ఉంది. గాంచో బాగుచేసిన ప్రతి వస్తువుకూ అలాంటి పట్టీ అంటించి, చెయ్యాల్సిన పని పెన్సిల్‌తో రాసుకునేవాడు. అయిపోయాక అడ్డంగా ఒక గీత గీసేవాడు. ఈ పట్టీ మీద రెండు వాక్యాలున్నాయి.

"ప్లెవెన్‌కు వెళుతున్నాను, బయటి తలుపు తెరిచాను. ఇంటికి రాగానే మూసెయ్యాలి."

గీత లేదు.

ప్లెవెన్ ఆసుపత్రిలో గాంచో పంతొమ్మిది రోజులున్నాడు. ఇంటికి రాలేదు.

వెనెటా ఆ పట్టీని వేలితో తడుముతూ ఉండిపోయింది. ఆ పంతొమ్మిది రోజులూ గుర్తొచ్చాయి. సాయంత్రం ఏడింటికి ఫోను చేసేవాడు. "ఇవాళ ఆలస్యమైందే, ఆరున్నర దాటాక వచ్చావు. మోకాలు నొప్పా?" అనేవాడు. "నిన్న అసలు బయటికే వెళ్ళలేదు, రొట్టె ఉందా ఇంట్లో?" అనేవాడు. ఎలా తెలిసిందంటే నవ్వేవాడు. మంచం మీద పడుకుని, అంత దూరం నుంచి ఈ తలుపు సందులోంచి లోపలికి తొంగి చూసి, ఆమె ఫోను వచ్చి చేరిందా లేదా అని వెతుక్కున్నాడన్న మాట.

"నేను నిన్ను అనుకున్నానే పావ్లీనా" అంది వెనెటా, తల ఎత్తకుండా. "నువ్వే ఆయనకు ఫోను చేసి చెబుతున్నావనుకున్నాను."

"ఓసి నీ! అందుకా ఆ శీతాకాలమంతా నాతో మాట్లాడలేదు? నేను క్యాబేజీ పులియబెట్టే పీపాకు మూత అడిగి తిరిగివ్వలేదనుకున్నాను!"

"అదీ ఇవ్వలేదు నువ్వు."

"నన్ను గూఢచారిని చేశావు కదే!" అని పావ్లీనా చేతి రుమాలుతో ముక్కు తుడుచుకుంది. ఆమెకూ గాంచో అంటే ఇష్టమే, ఆమె రేడియో ఇప్పటికీ ఆయన పట్టీతోనే పలుకుతోంది.

తిహోమిరా నెమ్మదిగా అంది: "పిన్నీ, కొత్త డబ్బా తెచ్చాను. దీనికీ 'వెనెటా వచ్చింది' అనే పేరు పెడతాను. పేరు డబ్బాది కాదు, మనం ఏది రాస్తే అదే."

"పెట్టొచ్చా? నిజంగా?"

"పెట్టొచ్చు. పాస్‌వర్డ్ మాత్రం ఏ గోడ మీదా లేనిది కావాలి. బయటి తలుపు దీనికి మూసే వస్తుంది. మందులు వాటంతటవే వచ్చేలా పెడతాను. నొక్కగానే ఎవరినైనా కలిపేసే ఈ బొత్తాం ఆపేస్తాను. ఇరుగుపొరుగు వాళ్ళకు వేరే దారి, వేరే పాస్‌వర్డ్."

"నాకు వేరే దారా?" అంది పావ్లీనా. "పెరటి గుమ్మంలోంచి రమ్మన్నట్టు!"

"అతిథుల దారి అంటారు దాన్ని."

"ఆఁ, అతిథులైతే ఫరవాలేదు."

అమ్మాయి పాత డబ్బా తీగ మీద చెయ్యి వేసింది. వెనెటా ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ముందు ఆ తలుపు మూస్తాను."

"ఇది ఎలాగూ చెత్తలోకే పోతుంది పిన్నీ. మూయాల్సిన అవసరం లేదు."

"అవసరం నీకు లేదు తల్లీ. ఎక్కడ నొక్కాలో చూపించు."

తిహోమిరా చూపించింది. చిన్న గడిలో ఒక టిక్కు. వెనెటా అద్దాలు సర్దుకుంది. మూడేళ్ళుగా దొంగలు వచ్చిపోయిన తలుపు అది, కానీ అంతకు ముందు పంతొమ్మిది రోజులు ఒక్క మనిషి అక్కడ నిలబడి ఆమె కోసం చూశాడు. మూస్తే ఇక ఎవరూ చూడరు. వేలు తెర మీద ఆగిపోయింది. బాల్కనీలో మూడో వాయి మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ లేవలేదు.

"ఇంటికొచ్చేశావు, సరేనా" అంది వెనెటా, మెల్లిగా. నొక్కింది. టిక్కు పోయింది. డ్రాయరులోంచి గాంచో పెన్సిల్ ముక్క తీసి, పట్టీ మీది రెండు వాక్యాలకూ అడ్డంగా గీత గీసింది.

కొత్త పాస్‌వర్డ్ ఆమే కొట్టింది, ఒంటి వేలితో. అమ్మాయి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అది ఒక పూర్తి వాక్యం. నదిమీద పడవలో, పెళ్ళికి ముందు, పెనుగాలికి టోపీ ఎగిరిపోయినప్పుడు గాంచో అన్నది. ఏ కాగితం మీదా అచ్చు కానిది. కొడుతూ ఉంటే ఆమె పెదవులు కదిలాయి, మధ్యలో ఒకసారి నవ్వొచ్చింది కూడా.

మధ్యాహ్నం ఆమె జిగురు డబ్బా, మూడేళ్ళ స్మరణ పత్రం పట్టుకుని కిందికి దిగింది. శనివారం దాకా ఆగబుద్ధి కాలేదు. పేరు, పుట్టిన సంవత్సరం, అన్నీ ఉన్నాయి దాని మీద. అంచులు మడత పడకుండా అరచేత్తో అదిమింది. చదువుకోండి ఎవరైనా, ఇక దీంతో ఏ తలుపూ తెరుచుకోదు.

తిరిగి పైకెక్కుతూ రెండో అంతస్తులో ఆగింది. ఫోను పలకలేదు. మూడో అంతస్తులో పలకలేదు. ఇంటి గుమ్మం ముందుకు వచ్చాక "టింగ్" మంది.

వెనెటా లోపలికి వెళ్ళి, వంటింట్లో కడిగి బోర్లించిన బానిత్సా పళ్ళెం తెచ్చి, కొత్త డబ్బా వెనక నిలబెట్టింది. అది ఇన్నాళ్ళూ నిలబడిన గుర్తు గోడ మీద ఉంది, సరిగ్గా దాని మీదే. తలుపు వేసుకుని మళ్ళీ కిందికి దిగింది, చేతిలో ఫోను తప్ప సంచి కూడా లేకుండా.

రెండో అంతస్తులో కాసేపు నిలబడింది. లేదు. ఒక్కో మెట్టే ఎక్కసాగింది. ఏడో మెట్టు మీద ఫోను "టింగ్" మంది. "వెనెటా వచ్చింది."

పావ్లీనా తలుపు తీసి మెడ బయటికి పెట్టింది. "ఏమిటే, ఎక్కుతున్నావు, దిగుతున్నావు? ఏం మర్చిపోయావు?"

"ఏం లేదు" అంది వెనెటా, కమ్మీ పట్టుకుని. "ఏడు మెట్లు తేడా వచ్చింది, అంతే. పైకి రా, కాఫీ పెడతాను."