చెంచా మీది ఎంగిలి

మా మావయ్యకి ఉన్నట్టుండి వంశం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఉమ్మి పంపితే డీఎన్‌ఏ చూసి, ఎవరికి ఎవరు ఏమవుతారో, తాతముత్తాతలు ఎక్కడివాళ్ళో చెప్పే కంపెనీ ఉందట. ఏం తాతముత్తాతలు, నా మొహం! పిన్నికి మా ఇంట్లో ఎవరి పోలికా రాలేదు. ఆవిడ తాతయ్య కూతురు కాదని తేలితే, బయటికి పంపి ఇల్లు అమ్ముకోవచ్చని ఆయన ఎత్తు. పిన్నికి ఆ ఇల్లు తప్ప వేరే నీడ లేదు.

పిన్ని అమాయకంగా గొట్టంలో ఉమ్మి ఇచ్చింది. మంచం పట్టిన తాతయ్యకి ఉమ్మడం చేతకాదు. ఓ పొద్దున, తాతయ్యకి సూప్ పట్టబోతున్న పిన్ని తువ్వాలు తేవడానికి లేచి వెళ్ళగానే, మావయ్య సూప్ గిన్నె పక్కనున్న చెంచా సంచిలో వేసుకుపోయాడు. తన ఉమ్మి మాత్రం పంపలేదు. తను కొడుకని తనకేం అనుమానం?

ఫలితం వచ్చిన రోజు ఊగిపోతూ పిన్ని మీదికి వచ్చాడు. "పంపిన రెండూ ఒకే ఆడమనిషివట! ఏం మాయ చేశావే? ఆ చెంచా నాన్నది కాదూ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిన్ని ప్రతి చెంచా ముందు తన నోట్లో పెట్టుకుని వేడి చూస్తుంది మావయ్యా. కాలుతుంటే తాతయ్యకి పెట్టకుండా పక్కన పెడుతుంది. ఒక్కపూటైనా తినిపించి ఉంటే తెలిసేది. ఛీ, కన్నతండ్రి ఎంగిలి దొంగిలించడానికి సిగ్గులేదూ?"

సిగ్గా! జేబులోంచి దూది పుల్ల తీశాడు. "సరే, ఈసారి నోట్లోంచే తీస్తా. తేలిపోవాలి."

పిన్నికి అప్పుడు అంతా అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను. చేతిలోని తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టింది.

"ఇంకేం తేలక్కర్లేదన్నయ్యా. నేను కూతుర్ని కాదనే అనుకో. అంటే ఇప్పుడాయనకి ఉన్నది నువ్వొక్కడివే. పక్కంతా పాడుచేసుకున్నారు. వెళ్ళి కడుగు."

గదిలోంచి తాతయ్య మూలుగుతున్నాడు. మావయ్య గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. నావైపు చూశాడు. నేను కదల్లేదు. లోపలికి అడుగేస్తే ఒట్టు!

ముక్కు మూసుకుని, పిన్ని వైపు తిరిగి, "చెల్లీ..." అన్నాడు.