పంకాకు కట్టిన ఎర్రగుడ్డ

తెల్లవారకముందే లేచి, గాలి ఎటు వీస్తోందో చూద్దామని నొరీన్ వాకిట్లోకి వచ్చింది. చేతిరుమాలు పైకెత్తి పట్టుకుంటే అది చచ్చిన పాములా వేలాడింది. గాలి లేదు. లేకపోవడమే మంచిదని కూతురు టెగన్ నెల రోజులుగా చెబుతూనే ఉంది. అయినా ఆ నిశ్శబ్దం కూడా నొరీన్‌కు ఏదో కీడు మూటగట్టుకుని కూర్చున్నట్టే తోచింది.

ఆవిడ భయాలకు కొదవ లేదు. పాములు, పిడుగులు, గోధుమ లారీలు, నిచ్చెనలు, ఎండాకాలం అడవి మంటలు. భర్త రస్ బతికున్నన్నాళ్ళూ ఈ జాబితా అంతా ఆయన మీదే ఉండేది. చివరికి ఆయన వీటిలో దేనివల్లా కాకుండా, ఇంటి ముందు గడ్డి కోస్తూ కోస్తూ కూలబడి పోయాడు. అప్పటినుంచి ఆవిడ మనసులో ఒకటే నాటుకుపోయింది. భయపడ్డ చోట ఏమీ జరగదు, భయపడడం మరిచిన చోటే జరుగుతుంది. అందుకని ఏ చోటూ మరవకుండా భయపడుతూ వచ్చింది.

ఇప్పుడు ఆ భయాలన్నీ కలిసి వాలడానికి పసుపు రంగు విమానం ఒకటి దొరికింది.

ఆరేళ్ళ కిందట, ఊరి గోధుమ గిడ్డంగిలో కాటా చూసే టెగన్, గొర్రెల కంచెల అవతల ఎక్కడో పాడుబడిన కొట్టంలోంచి ఒక టైగర్ మాత్‌ను లారీ మీద వేసుకొచ్చింది. యుద్ధం రోజుల్లో కుర్రాళ్ళకు ఎగరడం నేర్పిన రెండంతస్తుల రెక్కల విమానం. ముందు సీట్లో కోడి పొదుగుతోంది. ఎనభై ఏళ్ళ కిందటి చెక్క, దాని మీద చిరిగిన బట్ట, తుప్పు పట్టిన ఇంజను. ఇది ఎగురుతుందటే అని నొరీన్ అడిగితే, ఎగరకపోతే గుడ్లయినా పెడుతుందిలే అమ్మా అంది టెగన్.

దాన్ని బాగుచెయ్యడానికి చేర్చిన యారంబి విమానాల మైదానంలోని పాత షెడ్డు క్లైవ్‌ది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. విమానం బాగుందని సంతకం పెట్టే అధికారం ఆ చుట్టుపక్కల ఆయనొక్కడికే ఉంది. చెక్క పని, ఇంజను పని టెగన్ ఆయన దగ్గరే నేర్చుకుంది. రెక్కలకు బట్ట తొడిగే సరికి ఇద్దరి చేతులూ పనికిరాలేదు. అప్పుడు నొరీన్‌ను పిలిచారు. ముప్ఫై ఏళ్ళు టార్పాలిన్ల దుకాణంలో లారీ పట్టాలు కుట్టిన చెయ్యి ఆవిడది. మైనం పట్టించిన దారంతో, రెక్కలో పక్కటెముకల్లా ఉన్న ప్రతి చెక్కబద్దకూ బట్టను బిగించి కుట్టి, ప్రతి కుట్టుకూ ముడి వేసింది. మొదటి రోజు క్లైవ్ పటకారుతో ఒక కుట్టు పట్టి లాగాడు. పటకారే జారింది.

"నొరీన్, ఇది విమానం కుట్టా, జైలు కుట్టా?" అన్నాడు.

ఆ మాటకు ఆవిడ వారం రోజులు లోలోపల మురిసింది. పైకి మాత్రం, నువ్వు మరీ లాగావు, వదులైపోయిందేమో అంటూ ఆ కుట్టు విప్పి మళ్ళీ కుట్టింది.

ఇవాళ ఆ విమానం మొదటిసారి గాల్లోకి లేవాలి. ఇవాళ కాకపోతే ఇప్పట్లో లేనట్టే. ఎల్లుండి నుంచి కోతలు మొదలు. గిడ్డంగి ముందు లారీలు బారులు తీరితే క్రిస్మస్ దాకా టెగన్‌కు ఊపిరి సలపదు. పరీక్షగా ఎగరడానికి ఇచ్చిన అనుమతి కాగితమేమో ఈ నెలాఖరుతో సరి. పైగా పది దాటితే ఉత్తరపు గాలి లేస్తుంది. అంత తేలిక విమానాన్ని ఆ గాలిలో తొలిసారి ఎవరూ ఎత్తరు.

ఎనిమిదిన్నరకే మైదానంలో నలభై మంది దాకా పోగయ్యారు. మడతకుర్చీలు, టీ ఫ్లాస్కులు, ఇనప పెనం మీద సాసేజీలు చిటపట. షెడ్డులోంచి నలుగురు తోసుకుంటూ బయటికి తెస్తుంటే ఎండ పడి ఆ పసుపు రెక్కలు ఒక్కసారి భగ్గుమన్నాయి. నొరీన్ గుండె గంతులేసింది. భయమో ఆనందమో ఆవిడకే తెలియలేదు. రెండూ ఆవిడ ఒంట్లో ఒకే చోట కొట్టుకుంటాయి.

రోజుకు మూడు భయాలకే చెవి ఒగ్గుతానని టెగన్ తల్లికి కోటా పెట్టి చాలా కాలమైంది. ఆ పొద్దున మూడూ అయిపోయాయి. చక్రంలో గాలి తక్కువ ఉందేమో అన్నది ఒకటి. కింద పడ్డ నూనె చుక్క ఒకటి. పడమటి వైపు అరచెయ్యంత కనిపించిన మబ్బు ఒకటి. మూడింటికీ టెగన్ నవ్వుతూ జవాబు చెప్పి, తోలు టోపీ బిగించుకుని వెనక సీట్లోకి ఎక్కింది. ఒక్కరే ఎగిరితే వెనక సీటే.

బట్ట ఎక్కడైనా చిరిగితే అతుకు వెయ్యాలి గదా అని నొరీన్ తన సూదుల డబ్బా వెంట తెచ్చుకుంది. అది షెడ్డు బల్ల మీద పెడుతుంటే గోడ మేకుకు వేలాడుతున్న తోలు ఏప్రన్ కంట పడింది. చలికాలంలో ఎడమ కింది రెక్క చివర కుట్టేటప్పుడు వేసుకున్న ఏప్రన్. ఆవిడ చెయ్యి తనంత తానే జాకెట్టు మెడపట్టీ దగ్గరికి వెళ్ళింది.

ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. పని మధ్యలో లేస్తే సూది మెడపట్టీకి గుచ్చుకుంటుంది. కానీ ఆ రోజు తోలు ఏప్రన్ మెడదాకా ఉంది. సూది తోలులోకి దిగలేదు. క్లైవ్ టీకి పిలిచాడు. ఒక్క నిమిషమే కదా అని ఎదురుగా ఉన్న రెక్క బట్టకే గుచ్చి వెళ్ళింది. తిరిగొచ్చాక ఇంకో సూదితో కుట్టు ముగించింది. గుచ్చిన సూదిని తీసిన గుర్తు లేదు.

డబ్బా తెరిచింది. లోపలి మెత్తలో ఆరు సూదుల గుర్తులున్నాయి. ఐదు సూదులే ఉన్నాయి. లేనిది అర్ధచంద్రంలా వంగిన సూది.

బయట క్లైవ్ ముందుకొచ్చి, ఇంజను తిప్పడానికి విమానం ముక్కుకున్న పంకా మీద చెయ్యి వేస్తున్నాడు.

ఆ షెడ్డులో ఒక రివాజు ఉంది. గుమ్మం పక్కన కొక్కేనికి ఎర్రగుడ్డ వేలాడుతుంది. ఎవరికైనా సరే, విమానంలో తప్పుందని తెలిస్తే ఆ గుడ్డ పంకాకు కట్టొచ్చు. కట్టాక ఇంజను తిప్పరు. ఎందుకు కట్టావని విసుక్కోరు. కట్టిన చెయ్యే విప్పాలి తప్ప యజమానికి కూడా దాన్ని ముట్టుకునే హక్కు లేదు. నలభై ఏళ్ళలో అయిదుసార్లు కట్టారట. ఆరేళ్ళుగా ఇంత హడలిపోతూ కూడా నొరీన్ ఒక్కసారీ ఆ కొక్కెం జోలికి పోలేదు. తనవి ఉత్త భయాలేనని ఆవిడకు తెలుసు.

ఇప్పుడు గుడ్డ తీసుకుంది. నలభై మంది చూస్తుండగా గడ్డి మీద గబగబా నడిచి, క్లైవ్ పక్కనే నిలబడి, పంకాకు కట్టేసింది.

సాసేజీల చిటపట ఒక్కటే వినిపించింది. వెనక సీట్లో టెగన్ మొహం పాలిపోయింది.

"అమ్మా, ఇవాళ కాదు. నీకు దండం పెడతా, ఇవాళ మాత్రం కాదు."

"సూది," అంది నొరీన్. మళ్ళీ చెప్పింది. "అర్ధచంద్రం సూది. ఎడమ కింది రెక్కలో ఉండిపోయింది."

"అది ఇంట్లో సోఫా కింద ఉంటుంది. నీ కళ్ళజోడు రోజూ అక్కడేగా దొరికేది."

"గుడ్డ కట్టాక వాదన లేదు టెగన్," అన్నాడు క్లైవ్. నొరీన్‌ను మాత్రం రెండే అడిగాడు, ఎక్కడ గుచ్చావు, అప్పుడు రెక్క ఎలా ఉంది అని. రెక్క స్టాండు మీద నిలువుగా ఉందని, చివర కదిలే పలకకు జానెడు ఇవతల గుచ్చానని చెప్పింది. ఆయన మొహంలో రంగు మారింది. సూది బట్టలోంచి లోపలికి జారితే, ఆ పలకను తిప్పే చిన్న పళ్ళచక్రం, గొలుసు సరిగ్గా ఆ దగ్గర్లోనే రెక్క లోపల ఉంటాయి. విమానం పక్కకు వాలాలన్నా, వాలినది నిటారు కావాలన్నా ఆ గొలుసు తిరగాల్సిందే.

రెక్క అడుగున మూత మరలు విప్పి, దారానికి కట్టిన అయస్కాంతం లోపలికి వదిలాడు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఏమీ తగల్లేదు. అవతల స్తంభం మీద గాలి జోరు చూపే గాలిసంచి తోక మెల్లగా కదిలింది. తొమ్మిదింబావు. కుర్చీల్లో ఎవరో ఆవులించారు. ఇంకెవరో, కొందరికి తల్లులుంటే చాలు, వేరే బ్రేకులు అక్కర్లేదు అన్నారు. నవ్వులు. నొరీన్ చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు ఆవిడ మోకాళ్ళ మీద వంగి రెక్కకు చెవి ఆనించింది. మూడు గదుల అవతల కుళాయి చుక్క పడినా నిద్రలేచే చెవి అది. వార్నిషు పట్టి బిగిసిన బట్ట డప్పులా ఉంటుంది, లోపల చీమ తుమ్మినా పలుకుతుంది.

"టెగన్, కర్ర అటూ ఇటూ కదుపు. నెమ్మదిగా," అంది.

టెగన్ సీటు ముందున్న నడిపే కర్రను కదిపింది. పలక పైకి లేచింది, కిందికి దిగింది. ఏమీ లేదు. మళ్ళీ. ఏమీ లేదు. మూడోసారి కర్ర చివరిదాకా పోతుంటే, టిక్.

"ఆపు. కదపకు."

క్లైవ్ టార్చి పట్టుకుని మూతలోంచి వేళ్ళు దూర్చాడు. పొడుగు పటకారు అడిగాడు. బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. వంకర సూది, మొన మీద గొలుసు గ్రీజు. అది గొలుసు లంకెలో ఇరుక్కునే ఉంది, అందుకే అయస్కాంతానికి రాలేదు. పళ్ళచక్రం నోటికి ఇంకో రెండు లంకెల దూరం.

టెగన్ కట్లు విప్పుకుని దిగింది. తర్వాత తల్లి దగ్గరికొచ్చి సూదికేసి చూసింది.

"రోజుకు మూడే అన్నది నేనేగా," అంది. "ఏం తెలివి నాది."

కుర్చీల్లో ఇప్పుడెవరూ ఆవులించడం లేదు. క్లైవ్ గొలుసును లంకె లంకెగా వేలితో తడిమాడు. రెండో రెక్క మూత కూడా విప్పి చూశాడు. మరలు బిగించి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. తొమ్మిదీ నలభై. గాలిసంచి పావు వంతు నిండింది. ఇక మిగిలింది ఎర్రగుడ్డ.

అందరూ నొరీన్‌కేసి చూశారు. ఆవిడ పంకా ముందు నిలబడింది. చేతులు లేవడం లేదు. ఒక సూది దొరికింది సరే. తాను కుట్టిన రెక్కలు నాలుగు. ఎన్నిసార్లు టీకి లేచిందో. ఏ ముడి వేసేటప్పుడు ధ్యాస ఎక్కడుందో. ఈ గుడ్డ ఇలా ఉన్నంతసేపు పిల్ల నేల మీదే ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేరు, రివాజే అది. ఎంత హాయి.

"ఇంకా ఏమైనా ఉందా నొరీన్?" అడిగాడు క్లైవ్.

"ఉందని తెలీదు."

"తెలియనిదానికి ఇక్కడ గుడ్డ కట్టం. తెలిసినదానికి కడతాం."

టెగన్ ఆయన్ను ఆపింది. "వదిలెయ్ క్లైవ్. అమ్మా, నువ్వు విప్పకపోతే లోపల పెట్టేద్దాం. నిజంగా చెబుతున్నా, ఒక్క మాట అనను. ఈ పూటకి నీ మాటే."

ఆ మాటే నొరీన్‌ను కదిలించింది. పిల్ల గునిసి ఉంటే గుడ్డ అక్కడే ఉండేది. ఆవిడ మళ్ళీ వంగి, ఎడమ రెక్కకు చెవి పెట్టి, కర్ర పదిసార్లు తిప్పించింది. కుడి రెక్కకు వెళ్ళి పదిసార్లు. పైకెక్కి పై రెక్కల్ని గోటితో మీటుకుంటూ పోయింది. ప్రతి చోటా ఒకే మోత, బిగువుగా, శుభ్రంగా. అప్పుడొచ్చి గుడ్డ ముడి మీద చెయ్యి వేసింది.

ముడి రాలేదు. అలవాటు కొద్దీ లారీ పట్టా ముడి వేసిందాయె. గోళ్ళతో లాగింది, రాలేదు. క్లైవ్ జేబులో చాకు ఉన్నా ఇవ్వడానికి లేదు, కట్టిన చెయ్యే విప్పాలి. గాలిసంచి ఊగుతోంది. చివరికి నొరీన్ పంకా మీదికి వంగి పళ్ళతో పట్టి లాగింది. నలభై మందీ లేచి నిలబడి, లాగు నొరీన్, లాగు అని అరుస్తున్నారు. ముడి ఊడి ఎర్రగుడ్డ నోట్లో ఉండగానే ఆవిడ వెనక్కి తూలింది. చప్పట్లు మోగిపోయాయి.

తర్వాత అన్నీ చకచకా జరిగాయి. టెగన్ ఎక్కింది. క్లైవ్ పంకాను నాలుగుసార్లు వట్టిగా తిప్పాడు. స్విచ్ వెయ్యమన్నాడు, వేశానంది. ఒక్క ఊపు. ఇంజను దగ్గింది, తెల్లగా పొగ కక్కింది, పంకా మాయమై గాలిలో ఒక మెరుపు చక్రం మిగిలింది. చక్రాల కింది దిమ్మలు లాగేశారు. పసుపు విమానం గడ్డి మీద గెంతుతూ పోతోంది. తోక లేచింది. నొరీన్ తనకు తెలియకుండానే దాని వెంట పరిగెత్తుతోంది, అరవై ఆరేళ్ళ మోకాళ్ళు, చేతిలో ఎర్రగుడ్డ. చక్రాల కింద వెలుగు కనిపించింది. బెత్తెడు. మూరెడు. కంచె మీదుగా లేచిపోయింది. గోధుమ చేల మీది గులాబి రంగు చిలకల గుంపు ఒక్కసారిగా కకావికలై ఎగిరింది. టెగన్ కేక ఇంజను మోతను దాటి వినిపించింది, చిన్నప్పుడు ఉయ్యాల మీంచి అరిచేదే ఆ కేక.

నొరీన్ ఆయాసపడుతూ ఆగింది. విమానం ఎడమకు వాలింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. అది మెత్తగా నిటారైంది. మళ్ళీ వాలింది, మళ్ళీ నిటారైంది. తన చేతి కుట్లు ఎండలో వరసలు వరసలుగా మెరుస్తూ తల మీదుగా పోయాయి. ఏడుస్తోందో నవ్వుతోందో, పక్కనున్నవాళ్ళ భుజాలు మాత్రం చరిచి చరిచి ఎర్రగా చేసేసింది.

పది నిమిషాలకు క్లైవ్ చేతి రేడియో తీసుకుని వచ్చాడు. గాలి లేస్తోందని, ఇక దింపాలని అన్నాడు. దిగమని నువ్వే చెప్పు, నీ మాటైతే వింటుంది అని రేడియో ఆవిడ చేతిలో పెట్టాడు.

నొరీన్ గాలిసంచిని చూసింది. అది సగం నిండింది, సగం వేలాడుతోంది. మీట నొక్కింది.

"ఎలా ఉందే అక్కడ?"

"అమ్మా," అంది గరగరల్లోంచి టెగన్ గొంతు, "కుట్టు ఒక్కటి కదిలితే ఒట్టు. దిగిపోనా?"

"అప్పుడేనా?" అంది నొరీన్. క్లైవ్ నోరు తెరవబోయాడు, ఆవిడ చేత్తోనే ఆపింది. "గాలి సంగతి నేను చూస్తున్నాగా. ఇంకొక్క చుట్టు తిరిగి రా."