సగం నిండిన ట్యూబులు

పని శుభ్రంగా చేస్తానని నాకు మహా గర్వం ఉండేది. ఆ గర్వం తగలబడిపోను!

ఎనభై ఐదు ఎండాకాలంలో రక్తం తీయడానికి జబ్బుల సర్వేవాళ్లతో నంద్యాల ఆసుపత్రి నుంచి ఆళ్లగడ్డ పక్క పల్లెకు వెళ్లాను. అక్కడ ఆదెమ్మ చిన్నకొడుక్కి, బంధువుల్లో మరో ముగ్గురు పిల్లలకి మూడేళ్లు రాగానే కాళ్లు చచ్చుబడ్డాయి. అది వంశంలో వచ్చే జబ్బేమో, రక్తంలోంచి డీఎన్‌ఏ తీసి హైదరాబాదులో చూస్తామన్నారు. ఆదెమ్మ అన్న మత్తయి బడిపంతులు. కూతురు దెబోరాను మేనత్త కొడుక్కే, అంటే ఆదెమ్మ పెద్దకొడుక్కే ఇవ్వాలనుకుని, ఆ ఫలితం కోసం పెళ్లి ఆపాడు.

జబ్బు పిల్లల చేతుల్లో నరం దొరకలేదు. ఎంత తంటాలు పడ్డా ట్యూబు సగమే నిండింది, అదీ గడ్డకట్టింది. ఐసుపెట్టె చిన్నది. నిండుగా ఉన్న ఇరవై ట్యూబులు అందులో సర్ది, ఆ నాలుగూ పారేశాను. అలాంటివి పంపితే పెద్ద డాక్టర్లు నవ్వుతారని భయం. పారేసినట్టు కాగితంలో రాయనూ లేదు. హైదరాబాదువాళ్లు ఆరోగ్యవంతుల రక్తాన్ని ఆరోగ్యవంతుల రక్తంతోనే పోల్చుకున్నారు.

ఫలితం వచ్చాక మత్తయి ఇంట్లో నేనే చదివి వినిపించాను. అందిన నమూనాల్లో తేడా కనబడలేదని ఉంది.

"ఏమప్పా జయరాజు, మా ఆదెమ్మ చిన్నోనిది గూడా చూసినారా?"

"అందరిదీ చూసినారు సార్."

ఎంత తేలిగ్గా అనేశానో! నెల తిరక్కముందే పెళ్లయింది. నాకు కొత్త పంచె పెట్టారు, తీసుకున్నాను.

గడ్డకట్టిన రక్తంలోనూ డీఎన్‌ఏ దొరుకుతుందని ఆ తర్వాత తెలిసింది.

ఎనభై తొమ్మిదిలో దెబోరా నంద్యాల ఆసుపత్రికి నా దగ్గరికి వచ్చింది. చంకలో మూడేళ్ల కొడుకు. వాడి కాళ్లు వేలాడుతున్నాయి. ఆమెకు మళ్లీ ఐదో నెల.

"లేసి నిలబడలేకపోతాండాడన్నా. మా మర్ది రక్తం చూసి వంశంలో ఏం లేదన్నారు గదా, ఇది వేరే జబ్బే అయ్యుంటాది. వీనిది గూడా చూడు. కడుపులో దానికేం భయం లేదు గదా?"

పిల్లవాడి చేతికి రబ్బరు కట్టాను. మూడుసార్లు గుచ్చితే సగం ట్యూబు వచ్చింది.

"ఇంతే వచ్చిందే. సాలుతాదా అన్నా?"

"సరిపోతుంది తల్లీ" అన్నాను. ఆనాడూ ఇంతే సరిపోయేది.