కోసిన రాడ్డు

సాన్ ఇసిద్రో పండగ ముందురోజు మధ్యాహ్నం, బీన్సు పొయ్యి మీద పెట్టి షెడ్డులోకి వెళ్ళేసరికి, మా ఆయన అబ్రాన్ బ్రేకు రాడ్డుని బెంచీకి బిగించి రంపంతో కోస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"పొడుగెక్కువైంది. కాస్త తగ్గిస్తున్నా."

"రాడ్డు పొడుగెక్కువ కాలేదు. నువ్వు తెచ్చిన సిలిండరే తప్పు."

"మొదలెట్టావా?" అన్నాడు రంపం ఆపకుండా.

మెకానిక్కు అయిన మా నాన్న చేతుల్లో బ్రేకు ఆయిలు వాసన పీల్చుకుంటూ పెరిగినదాన్ని నేను. ఆ మాట ఎత్తితే అబ్రాన్‌కి గిట్టదు. ఎత్తకుండా ఎలా ఉండను? అరవై ఆరునాటి ఆ షెవీ పికప్పుకి, బ్రేకు ఆయిలుని చక్రాలకి తోసే పాత మాస్టర్ సిలిండరు కారిపోతోంది. దాని బదులు రెండు గదులున్నది వేస్తానన్నాడు, ఒక గది చెడినా రెండోది పనిచేస్తుందని. ఆలోచన మంచిదే. కానీ ఎస్పన్యోలా టౌనులో పార్టుల షాపువాడు, నీ బండికి సరిపడేది మంగళవారం వస్తుంది, అప్పటిదాకా ఆగు అన్నాడట. ఆగుతాడా ఈయన? పండగ శనివారం. షెల్ఫులో కనపడినదాన్ని పట్టుకొచ్చేశాడు. అది, తొక్కే బలాన్ని పెంచే బూస్టరున్న బండ్లకి వేసే రకం.

పెడలు తొక్కితే రాడ్డు వెళ్ళి పిస్టన్‌ని తోస్తుంది. మా బండికి కావలసిన రకంలో పిస్టన్‌కి లోతైన గుంట ఉంటుంది. రాడ్డు అందులో రోట్లో రోకలిలా నిలబడుతుంది, ఎటూ పోదు. ఈయన తెచ్చినదాంట్లో ఉన్నది గుంట అనడానికే లేదు, పళ్ళెంలో రోకలి నిలబెట్టినట్టే. బూస్టరున్న బండిలో దానికి వేరే పట్టు ఉంటుంది. మాకు లేదు. పెడలు ఒక్కసారి ఎగిరి వెనక్కి వచ్చిందంటే రాడ్డు పక్కకి జారుతుంది, తర్వాత ఎంత తొక్కినా గాలినే తొక్కడం. ఇదంతా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

"తొక్కి చూడు, రాయిలా ఉంది," అన్నాడు సాయంత్రం, మా సందులో బండిని ఒక చుట్టు తిప్పి వచ్చి.

"ఇప్పుడు ఉంటుంది. కొండ దిగేటప్పుడు?"

"ఎర్లిండా, ఈ ఏడు పండగ పెద్దని, మయోర్దోమోని నేను. పండగ నాది. సాన్ ఇసిద్రో విగ్రహం నా బండిలోనే దిగుతుంది. మా అమ్మ ఎన్నేళ్ళ నుంచి ఎదురుచూస్తోందో నీకు తెలీదా?"

"భుజాల మీద దింపొచ్చు కదా? మీ తాతలు అలాగే దింపారు."

"ఎలోయ్ బండిలో పోయినేడు దింపారు. నా ఏడొచ్చేసరికి భుజాలా? ఊళ్ళో నవ్వరూ?"

అదీ సంగతి. ఎలోయ్ మా పక్కింటివాడు. వాడి బండి కొత్తది, మెరుస్తుంది. ఈయనకి అదే కడుపుమంట.

మా ఊరి గుడి మెట్ట మీద ఉంటుంది, పొలాలూ నీటికాలువా కింద. మేలో ఆ రోజు రైతుల పునీతుడు సాన్ ఇసిద్రోని కిందికి తీసుకెళ్ళి పొలాలకి దీవెన ఇప్పిస్తాం. వేరే ఊళ్ళలో పునీతుడు ముందు వెళ్తే జనం వెనక నడుస్తారు. మా దగ్గర అలా కాదు. కాపరి మంద వెనక నడిచినట్టు జనమంతా ముందు, ఆయన వెనక. బండికి సరిగ్గా ముందు ముసలమ్మలూ, వాళ్ళకి అడుగు ముందు పువ్వులు చల్లే ఆడపిల్లలూ. ఆ పిల్లల్లో మా అమ్మాయి లియోనోర్ ఉంది. కాగితం పువ్వులు వారం నుంచీ తనే చుట్టుకుంది.

పొద్దున గుడి ముందు బండిని చూశాను. కడిగి, తుడిచి, వెనక తొట్టిలో విగ్రహాన్ని తాళ్ళతో కట్టి, చుట్టూ కొమ్మలు పెట్టాడు. అందంగానే ఉంది, ఏం లాభం? నేను వెళ్ళి అతని పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను.

"ఆడవాళ్ళు నడవాలి," అన్నాడు.

"ఈ ఆడది నడవదు. ఫస్టు గేరులోనే దింపు. గేరు మార్చావంటే ఇక్కడే అరుస్తా."

మారు మాట్లాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, మాటకి మాట చెప్పకుండా ఊరుకునే మనిషి కాడు.

వయొలిన్ మొదలైంది. జనం కదిలారు. మేం వాళ్ళ వెనక మనిషి నడక వేగంతో దిగుతున్నాం. ముందు అద్దంలోంచి మా అత్తయ్య గ్రెగోరిటా నల్ల శాలువా కనబడుతోంది, ఆవిడకి అడుగు ముందు లియోనోర్ రెండు జడలు. నా కళ్ళు ఆ జడల మీద లేనప్పుడు అబ్రాన్ కాలి మీద ఉన్నాయి. దేవుడా, ఈ ఒక్క వాలు దాటించు, ఆ తర్వాత నేనే ఆ సిలిండరు పీకి కాలవలో పారేస్తాను అనుకున్నాను.

వాలు బాగా నిటారుగా ఉన్నచోట ముందు ఎవరో ఆగారు. అబ్రాన్ క్లచ్చూ బ్రేకూ తొక్కాడు. బండి ఆగింది. ఊపిరి పీల్చుకున్నాను. జనం మళ్ళీ రెండడుగులు వేశారు, ఇతను పెడలు వదిలాడు, అది టప్పున పైకి వచ్చింది. మళ్ళీ ఆగారు. మళ్ళీ తొక్కాడు.

పెడలు నేలకి అంటుకుపోయింది.

రెండోసారి, మూడోసారి తొక్కాడు. రెండో కాలు క్లచ్ మీదే ఉండిపోయింది, బండి తన బరువుకి తనే జారుతోంది.

"క్లచ్ వదులు! క్లచ్ వదలవయ్యా!" అంటూ వంగి తాళం తిప్పి ఇంజను ఆపేశాను.

వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, ఫస్టు గేరు మీద ఆగింది. వెనక తాళ్ళు కిర్రుమన్నాయి. బంపరుకీ అత్తయ్య వీపుకీ మధ్య ఒక చెయ్యి పట్టేంత చోటుంది. ఆవిడ వెనక్కి తిరగను కూడా లేదు.

మేం ఆగడం ముందున్న ఫాదర్ చూశారు. మయోర్దోమో ఆపాడంటే ఇక్కడ జపం చెప్పించాలనుకున్నాడేమో అని ఆయన అనుకున్నారు. చేతులెత్తారు. "మోకరిల్లుదాం," అన్నారు.

అంతే, రోడ్డు పొడుగునా అందరూ మోకాళ్ళ మీద కూలబడ్డారు. మా వైపు వీపులు పెట్టి, తలలు వంచి. నా కూతురు కూడా. దాని తల ఇప్పుడు బానెట్టు కన్నా కిందికి పోయి నాకు కనబడటం మానేసింది.

"ఎవరికీ చెప్పకే," అన్నాడు అబ్రాన్ గుసగుసగా. "జపం అయ్యేదాకా. గేరు ఆపుతుంది."

హ్యాండు బ్రేకు పోయి ఏళ్ళయింది, ఆపేసిన ఇంజను ఎంతసేపు ఆపుతుంది? లోపల ఏదో టిక్కుమంది, బండి వేలెడంత ముందుకి జరిగింది. నేను తలుపు తీసుకుని దిగి, రోడ్డు పక్క రాయొకటి లాగి ముందు చక్రం కింద పెట్టాను. గులకరాళ్ళ మీద అది నిలవలేదు. మళ్ళీ టిక్కు. రాయి చక్రం ముందు జారుతోంది. పక్కన మోకరిల్లిన ఒక పెద్దాయన నన్ను చూసి, భక్తితో బండికి మొక్కుతున్నాననుకుని తల ఊపాడు.

కిటికీలోంచి అబ్రాన్ నా వైపు చూస్తున్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. అతని పండగ, అతని తల్లి, అతని ఏడు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. నాకు జాలి వేసింది, అబద్ధం చెప్పను. కానీ నా పిల్ల చక్రాల ముందు ఉంది.

"లేవండి!" అని అరిచాను. "అందరూ లేవండి! పక్కకి జరగండి! ఈ బండికి బ్రేకుల్లేవు!"

ముందు ఎవరూ కదల్లేదు. జపం మధ్యలో ఆ అరుపేమిటని చూశారు. నేనే పరుగెత్తి అత్తయ్యని చంకల కింద పట్టి లేపి, లియోనోర్ జడ పట్టుకుని లాగి, ఇద్దర్నీ కాలిబాట మీదికి తోశాను. అప్పుడు కేకలు మొదలయ్యాయి. పువ్వులన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఎలోయ్ ఇంకో ముగ్గురితో కలిసి పెద్ద బండరాళ్ళు దొర్లించుకొచ్చి చక్రాల కింద వేశాడు. బండి వాటికి ఆనుకుని నిలిచింది.

"నా కొడుకు పరువు తీశావు కదే," అంది అత్తయ్య ఆయాసపడుతూ.

"పరువు పోతే పోయింది అత్తయ్యా. మీరు బతికున్నారు కదా."

మగవాళ్ళు విగ్రహం తాళ్ళు విప్పి భుజాలకెత్తుకున్నారు. నేను మాత్రం డ్రైవరు వైపు వెళ్ళి, వంగి పెడలు వెనక చూశాను. రాడ్డు పక్కకి వేలాడుతోంది. దానికి గడ్డిమోపులు కట్టే తీగ రెండు చుట్లు చుట్టి ఉంది. తీగ తెగిపోయింది.

నిన్న ఆ తీగ లేదు.

"ఇదెప్పుడు కట్టావు?"

"పొద్దున. షెడ్డులోంచి బండి తీస్తుంటే రాడ్డు ఒకసారి ఊడింది. తీగతో ఆగుతుందనుకున్నా."

"తెలిసి కూడా పిల్లని బండి ముందు నడిపించావా?"

స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. కొట్టడానికి కూడా చేతులు రాలేదు నాకు. కూతురి చెయ్యి పట్టుకుని విగ్రహం వెనక నడిచి వెళ్ళిపోయాను.

తర్వాత మా ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టాను, తిన్నాడు. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు, పలకరించనూ లేదు. అది ఇంకా కష్టం. మంగళవారం ఎస్పన్యోలా వెళ్ళి సరైన సిలిండరూ, కొయ్యని కొత్త రాడ్డూ తెచ్చుకుని షెడ్డులో దూరాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిస్టన్ గుంటలోకి రాడ్డు దించి, బయటికి లాగి చూశాడు. మళ్ళీ దించాడు, మళ్ళీ లాగాడు. పైపులు బిగించాడు. ఆ తర్వాత పని ఆగిపోయింది. గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలంటే ఒకరు పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పాలి. ఒక్కడి వల్ల కాదు. పానా పట్టుకుని చక్రం పక్కన ఊరికే కూర్చున్నాడు.

నేనే వెళ్ళి డ్రైవరు సీట్లో ఎక్కాను.

"తొక్కు," అన్నాడు కిందనుంచి. తొక్కాను. "పట్టుకో." పట్టుకున్నాను. "వదులు." నాలుగు చక్రాలూ అయ్యేదాకా మా మధ్య ఆ మూడు మాటలే. పెడలు పైనే, గట్టిగా నిలబడింది.

అప్పుడు బండిని మెట్ట మీదికి తీసుకెళ్దామన్నాడు. అదే వాలు, అదే చోటు. నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి తను దిగాడు. చక్రాల కింద రాళ్ళు పెడతాడనుకున్నాను. వెళ్ళి బండి ముందు, లియోనోర్ మోకరిల్లిన చోట, నాకు వీపు పెట్టి మోకరిల్లాడు. తల కనబడటం మానేసింది.

"గేరు తియ్యి. బ్రేకు వదిలి మళ్ళీ తొక్కు."

"పిచ్చెక్కిందా? లే అక్కణ్ణించి!"

"వదులు ఎర్లిండా."

"లేవవయ్యా, నీకు దణ్ణం పెడతా!"

"వదులు."

సిలిండరు సరైనదని నాకు తెలుసు. రాడ్డు గుంటలో ఉందని తెలుసు. అయినా పెడలు మీంచి కాలు తియ్యబుద్ధి కాలేదు. వదిలాను. బండి కదిలింది. తొక్కాను. ఆగింది. మళ్ళీ వదలమన్నాడు. మళ్ళీ వదిలాను, తొక్కాను. ఆగింది.

గేరులో వేసి, ఇంజను ఆపి, దిగి వెళ్ళాను. ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది.

"చాలా భయమేసింది," అన్నాడు.

"నీకు తెలుసు కాబట్టి వేసింది," అన్నాను. "పిల్లకి తెలీదు. నాన్న బండి కదా అని మోకరిల్లింది."

అబ్రాన్ రోడ్డు మీద రెండు చేతులూ ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.