రేడియో చెప్పని పేరు

ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక, ఎల్ తులార్ బేస్‌బాల్ స్టేడియంలో, అంపైరు ఎవరిస్తో తిహెరినో ఔటైన ఆటగాణ్ణి సేఫ్ అన్నాడు. పొరపాటున కాదు, చూసే అన్నాడు. అంపైరుగా అతనికి అది ఆఖరి ఆట.

ఆ ఉదయం అతను పెరట్లో పీట మీద కూర్చుని కొత్త బంతులకు బురద పూస్తున్నాడు. కొత్త బంతి మెరుస్తుంది, చేతిలో జారుతుంది. ఆట మొదలయ్యేలోగా ఆ మెరుపు తీసెయ్యడం అంపైరు పని. బురద ఏటి మలుపు దగ్గర్నుంచి తెస్తాడు. రాళ్ళు లేకుండా పాత గుడ్డలో వడకట్టి డబ్బాలో పెట్టుకుంటాడు. అరచేతిలో కాస్త ఉమ్మి, వేలికొనతో బురద తీసుకుని, బంతిని రెండు చేతుల మధ్యా తిప్పుతాడు. బురద కుట్లలోకి పోకూడదు. తెలుపు పోయి ఎముక రంగు రావాలి. రాగానే బంతిని గంపలో వేసి ఇంకొకటి తీస్తాడు.

అతనికి అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. లేచేటప్పుడు మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. మాస్కు పట్టీ ఒరిసిన చోట మెడ నల్లబడింది. కుడిచేతి బొటనవేలు వంకర. మెడ కింద ఎముక ఒకచోట ఎత్తుగా ఉంటుంది. బంతి తగిలి విరిగి, అలాగే అతుక్కుంది. వారమంతా ఉప్పు గోదాములో బస్తాల మూతులు కుడతాడు. ఆదివారాలు బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేటు వెనక, బంతి అందుకునే క్యాచర్ భుజం మీదుగా వంగి, వచ్చిన ప్రతి బంతీ సరైన ఎత్తులో ప్లేటు మీదుగా పోయిందో లేదో, అంటే స్ట్రైకో కాదో చెబుతాడు. స్ట్రైకైతే కుడిచెయ్యి ఎత్తుతాడు. కాకపోతే అది బాల్, ఊరుకుంటాడు.

లీగు చిన్నది. బయటి ఊరి నుంచి అంపైర్లను పిలిపించే స్తోమతు లేదు. అందుకని ఊళ్ళో ఆటకు ఊరివాడే అంపైరు. ఎల్ తులార్ జనానికి అదే మింగుడుపడని సంగతి. బయటివాడు అన్యాయం చేస్తే సరే, మనవాడికేం రోగం?

వంటింట్లోంచి మెలీద తలుపు దగ్గరికొచ్చింది. చేతిలో అల్లం ముక్క ఉంది.

"నిన్న సాయంత్రం వార్తల్లో విన్నావా? ఆయన గొంతు బొంగురుపోయింది."

ఎవరి గొంతని ఎవరిస్తో అడగలేదు. ఆ ఇంట్లో 'ఆయన' అంటే ఒక్కడే. రేడియోలో ఎల్ తులార్ సాలినెరోస్ జట్టు ఆటలు చెప్పే రనుల్ఫో సెలెదోన్.

"అల్లం కషాయం కాచి ఎవరిచేతైనా పంపుదామా అని చూస్తున్నా."

"ఊళ్ళో సగం మంది పంపి ఉంటారులే."

"అదీ నిజమే" అంది మెలీద. కాని అల్లం ముక్క అవతల పెట్టలేదు.

రేడియో ఫ్రిజ్ మీద ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి దాన్ని కట్టెయ్యరు. తన భర్త ఆటలో ఏం చేస్తున్నాడో మెలీదకు రనుల్ఫో నోటి నుంచే తెలుస్తుంది. ఆమె స్టేడియానికి రాదు; అక్కడి బూతులు వినలేనంటుంది. ఇంట్లో వినేవి బూతులు కావు, హాస్యం. "అమ్మలారా, అయ్యలారా, ఆ బంతి చర్చి గంటను రాసుకుంటూ పోయింది. మన గబ్బిలం దాన్ని స్ట్రైకంటున్నాడు! పగటిపూట గబ్బిలాన్ని పనికి పెడితే ఇంతే మరి!" ఎవరిస్తో పేరు రనుల్ఫో మైకులో ఎన్నడూ పలకలేదు. ముప్ఫై ఏళ్ళుగా గబ్బిలమే. మెలీద కూరగాయలు తరుగుతూ నవ్వుతుంది. భర్త గుర్తొచ్చి ఆపుకుంటుంది. ఆమె ఆపుకోవడం ఎవరిస్తో చూడలేదు. పక్కింటి దోన్య ఒటీలియా చెప్పింది, మంచి మాట చెబుతున్నట్టే చెప్పింది.

మెడ కింద ఎముక విరిగిన రోజున రనుల్ఫో, "ఇన్నాళ్ళకు బంతి సరైన చోటు పట్టుకుంది" అన్నాడు. ఆస్పత్రిలో కట్టు కట్టే నర్సు కూడా ఆ మాట తలచుకుని పెదవి బిగించింది. ఇంటికొస్తే మెలీద కోడిమాంసం సూపు చేసి పెట్టింది. "నువ్వూ నవ్వావా?" అని అడిగాడు. "పిచ్చా నీకు" అంది. గరిటె వైపు చూస్తూ అంది.

ఒక ఏడాది రనుల్ఫో గొంతు పోయి రెండు ఆదివారాలు రాకపోతే చర్చిలో ప్రార్థనలు చేయించారు. మంగలి దగ్గర వంతు కోసం కూర్చున్నవాళ్ళు రనుల్ఫో వస్తే లేచి చోటిస్తారు. ఆ మనిషి పెళ్ళి చేసుకోలేదు. అయినా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అతనికి ఒక కంచం ఉంటుంది.

ఒకసారి ఆ మంగలి కొట్లోనే ఎవరిస్తో ధైర్యం చేసి అడిగాడు.

"రనుల్ఫో, బయట కనబడితే పేరు పెట్టి పిలుస్తావు. మైకులో నా పేరుకేమొచ్చింది?"

రనుల్ఫో మెడకు గుడ్డ చుట్టుకుని అద్దంలోంచే చూశాడు.

"పేరు చెబితే నువ్వు మనవాడివైపోతావయ్యా. మనవాణ్ణి తిట్టలేను. తిట్టకపోతే ఈ జనం రేడియో కట్టేసి పడుకుంటారు. నీకు తిట్లు, నాకు కూడు. ఏం, అన్యాయమా?"

కొట్టంతా నవ్వింది. మంగలి కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఎవరిస్తో కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు తలచుకుని పళ్ళు కొరుక్కున్నాడు.

బంతులు పూర్తయ్యాయి. అతను చేతులు కడుక్కుని బియ్యం, బీన్సు, ఒక అరటికాయ వేపుడు తిన్నాడు. మెలీద ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ్టితో అయిపోతుంది కదా" అంది.

"అయిపోతుంది."

"ఈ ఒక్కరోజన్నా ఆయన నోటినుంచి నీ గురించి ఒక మంచి మాట వస్తే వినాలనుంది. పేరు పెట్టి. నా వంటింట్లో. అంతకన్నా ఏం అడగను."

ఎవరిస్తో కంచం ఎత్తి నీళ్ళ తొట్టి దగ్గర పెట్టాడు. తనకు కావలసింది కూడా అదే. కాని ఆ కోరిక మెలీద నోట వినగానే చేదనిపించింది. ఆమె వినాలనుకునేది కూడా రనుల్ఫో గొంతే.

ఆట చినందేగ జట్టుతో. గెలిచినవాళ్ళు పై దశకు పోతారు. స్టేడియం మధ్యాహ్నానికే నిండింది. ఎల్ తులార్‌లో జనం ఆటకు ఎవరి రేడియో వాళ్ళు తెచ్చుకుంటారు. కళ్ళతో ఆట చూస్తారు, చెవులతో తీర్పు వింటారు. ఎవరిస్తో చెయ్యి ఎత్తిన మరుక్షణం, అతని వీపు వెనక మెట్లమీదున్న రేడియోలన్నిట్లోంచి ఒకే గొంతు ఆ తీర్పును కొట్టేస్తుంది. ఆ గొంతు విన్నాకే జనం అరుస్తారు.

"ఒరేయ్ గుడ్డోడా, కళ్ళు చినందేగలో తాకట్టు పెట్టొచ్చావా!"

"ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి అడుగు, అది బాలో స్ట్రైకో చెబుతుంది!"

ఎవరిస్తో ఆ మాటలకు వెనక్కి తిరిగి చూడడు. ప్లేటు మీద దుమ్ము చిన్న బ్రష్షుతో తుడుస్తాడు. అలా తుడిచేటప్పుడు మాత్రం ప్లేటు అవతలికి పోయి జనం వైపు తిరుగుతాడు; వీపు పెట్టకూడదు, అది మర్యాద. మాస్కు పెట్టుకుని వంగుతాడు.

ఆ రోజు రనుల్ఫో మాటలు తక్కువగా ఉన్నాయి. బొంగురు గొంతుతో గబ్బిలాన్ని రెండు మూడు సార్లు తలచుకున్నాడు, అంతే. జనానికి ఆ మాత్రం చాలింది.

ఆఖరి ఇన్నింగ్స్‌కు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. సాలినెరోస్‌కు ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడితో వాళ్ళ వంతు అయిపోతుంది. రెండో బేసు మీద ఊర్బినా అనే పొడుగాటి కుర్రాడున్నాడు. బ్యాటర్ బంతిని కుడివైపు కొట్టాడు. ఊర్బినా మూడో బేసు తిరిగి హోమ్ ప్లేటు వైపు పరుగెత్తాడు; ముందు ప్లేటు తాకితే ఆట సాలినెరోస్‌దే. బంతి ఒక్క గెంతు వేసి క్యాచర్ చేతికొచ్చింది. ఊర్బినా దుమ్ములో జారాడు.

ఎవరిస్తో మాస్కు తీసేసి, మోకాళ్ళు వంచి, ఉండాల్సిన చోటే ఉన్నాడు. బంతి ఉన్న క్యాచర్ గ్లవ్ ఊర్బినా పిక్కకు తగిలింది. ఊర్బినా మడమకూ ప్లేటుకూ మధ్య ఇంకా జానెడు నేల ఉంది. దుమ్ము లేచింది. ఆ దుమ్ము వెనక ఏం జరిగిందో చూసింది తనొక్కడే అనుకున్నాడు.

ఔట్ అని ఎత్తాల్సిన పిడికిలి బిగుసుకుంది. పైకి లేవలేదు. మెలీద వంటింట్లో, ఫ్రిజ్ దగ్గర, చెయ్యి తుడుచుకుంటూ నిలబడి ఉంటుంది.

ఎవరిస్తో రెండు చేతులూ పక్కలకు చాచాడు. సేఫ్.

క్యాచర్ మెంబ్రెన్యో గొడవ చెయ్యలేదు. చినందేగ జట్టులో పదేళ్ళుగా ఉన్నవాడు. దుమ్ములో మోకాళ్ళమీదే ఉండి తలెత్తి చూశాడు.

"దోన్ ఎవరిస్తో, మీరా?" అన్నాడు.

తర్వాత ఏమీ వినబడలేదు. జనం కంచె దూకి లోపలికొచ్చారు. తన మీద నారింజ తొక్కలు విసిరినవాళ్ళే అతన్ని ఎత్తుకున్నారు. ఒకడు తలమీద బీరు పోశాడు. ఇంకొకడు రెండు చెంపలూ పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నావయ్యా ఈ కళ్ళు!" అన్నాడు. ఎవరిస్తో భుజాల మీంచి రేడియో బూత్ వైపు చూశాడు. రనుల్ఫో కూర్చునే ఉన్నాడు. చెయ్యి ఊపలేదు. ఫరవాలేదు, చెప్పాల్సింది చెప్పే ఉంటాడు.

సంచీ భుజానికి వేసుకుని ఇంటికి నడిచాడు. స్టేడియం నుంచి వచ్చేవాళ్ళు దారిపొడుగునా పలకరించారు. అరుగు మీద రేడియో పెట్టుకున్న ఒక ముసలమ్మ మాత్రం అతన్ని చూసి, రేడియో తీసుకుని లోపలికి పోయింది.

ఇంట్లో రేడియో కట్టేసి ఉంది. మెలీద బల్ల దగ్గర కూర్చుంది.

"విన్నావా?" అన్నాడు ఎవరిస్తో.

"విన్నాను."

"నా పేరు చెప్పాడా?"

"చెప్పాడు. ఇంటిపేరుతో సహా."

ఎవరిస్తో తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో ఉదయపు బురద ఇంకా ఉంది. దాన్ని తీస్తూ, వీలైనంత మామూలుగా అడిగాడు.

"ఏమన్నాడు?"

"ఔట్ అన్నాడు."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. మెలీద లేచి కొళాయి కట్టేసింది.

"'ఔట్, మన కుర్రాడు ఔట్. మీరంతా గంతులేస్తున్నారు గానీ ఔటే. అక్కడ నిలబడింది ఎవరిస్తో తిహెరినో. ముప్ఫై ఏళ్ళు తిట్టాను, ఒక్కసారి కూడా నాకోసం తప్పు చెప్పలేదు. ఇవాళ ఏమైందో నాకు తెలీదు.' అంతే అన్నాడు. తర్వాత ఏం మాట్లాడలేదు. చాలాసేపు జనం గోలే వినబడింది. అప్పుడు పాట వేశారు."

ఎవరిస్తో తువ్వాలు అందుకున్నాడు.

"నిజమేనా?" అంది మెలీద.

"పిక్కకు తగిలింది. ముందే తగిలింది."

"మరెందుకలా చెప్పావు?"

"నువ్వే కదా అడిగావు, పొద్దున."

"నేను ఆయన మాట మారాలన్నాను" అంది మెలీద. "నిన్ను మారమన్నానా?"

ఎవరిస్తో కుర్చీలో కూర్చున్నాడు. అతనికి సిగ్గుకన్నా ముందు అసూయే వచ్చింది. ముప్ఫై ఏళ్ళూ అబద్ధం చెప్పి రనుల్ఫో ఊరినంతా తనవైపు తిప్పుకున్నాడు. ఒక్కరోజు నిజం చెప్పి మెలీదను కూడా తిప్పుకున్నాడు. తన దగ్గరున్నది ఆ నిజమొక్కటే. అదీ వాడికే పోయింది.

"వాడికి ఇప్పుడు గుర్తొచ్చిందా నిజం" అన్నాడు.

పొయ్యి మీద గిన్నెలో అల్లం కషాయం చల్లారి ఉంది. ఆమె దాన్ని గ్లాసులో పోసి అతని ముందు పెట్టింది. అతను తాగలేదు.

దడి అవతలి నుంచి దోన్య ఒటీలియా పిలిచింది.

"మెలీదా! ఓ మెలీదా! దోన్ రనుల్ఫో పోయారటే!"

మెలీద గుమ్మం పట్టుకుంది. "ఎక్కడికి?"

"పోయారే తల్లీ! బూత్‌లోనే. పాట అయిపోయినా మాట్లాడకపోతే అలిగారనుకున్నాడట బూత్‌లో ఆయనతో ఉండే చెపే. వైర్లన్నీ చుట్టుకుని, ఇక లేవండి దోన్ అని భుజం తట్టాడట. తల వాలిపోయిందట."

మెలీద లోపలికొచ్చి రేడియో పెట్టింది. ఏ మాటా లేదు, సంగీతం వస్తోంది. ఆమె ఏడ్చింది, చప్పుడు లేకుండా. ఎవరిస్తో ఆమెను చూశాడు. తను పోతే ఇలా ఏడుస్తుందా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడి లేచి, ఉతికిన చొక్కా వేసుకుని బయటికొచ్చాడు.

ఇంకా వెలుతురుంది. స్టేడియం బయట జనం టోపీలు తీసి నిలబడ్డారు. అతన్ని చూసి కొందరు దారిచ్చారు, కొందరు మొహం తిప్పుకున్నారు. బూత్‌కు చెక్కమెట్లున్నాయి. అతను వాటిని ఎప్పుడూ ఎక్కలేదు. రైలింగ్ పట్టుకుని ఎక్కాడు.

దేహాన్ని అప్పటికే తీసుకుపోయారు. రేడియోలో పనిచేసే చెపే ఒక్కడే ఉన్నాడు, నేలమీద కూర్చుని.

"రండి దోన్ ఎవరిస్తో" అన్నాడు. "మీరు వస్తారనుకోలేదు."

"చివరికి ఏమన్నాడు? మైకు కట్టేశాక."

"ఏమీ అన్లేదండీ. మైకు నేను కట్టెయ్యలేదు. మీ పేరు చెప్పారు, ఏమైందో తెలీదన్నారు, అంతే. అదే చివర."

మైకు మీద గుడ్డ కప్పి ఉంది. కుర్చీ మీద పరిచిన దిండు మధ్యలో పల్లం పడింది. కిటికీ కడ్డీకి ఒక బైనాక్యులర్ ఇనుపతీగతో బిగించి ఉంది. తీగ తుప్పు పట్టింది. ఎవరిస్తో దాన్ని పక్కకు తిప్పబోయాడు.

"తిరగదండీ" అన్నాడు చెపే. "నేను ఉద్యోగంలో చేరకముందే అలా కట్టుకున్నారు."

ఎవరిస్తో వంగి కళ్ళు ఆనించాడు. హోమ్ ప్లేటు, దాని మీద ఊర్బినా బూటు గీసిన గీత, వెనక అంపైరు నిలబడే చోట నేలలో రెండు గుంటలు కనిపించాయి. మైదానంలో ఇంకేదీ కనిపించలేదు. అతను తలెత్తి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బైనాక్యులర్ కడ్డీకి అలాగే ఉంది.